దిల్‌సుఖ్‌నగర్–ఎల్బీనగర్ ప్రాంత ప్రజారోగ్య వ్యవస్థ

హైదరాబాద్ తూర్పు భాగంలో విజయవాడ రహదారి వెంట దిల్‌సుఖ్‌నగర్, గడ్డిఅన్నారం, సరూర్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం వరుసగా విస్తరించాయి. పాత నగరపు పెద్దాసుపత్రుల మీద ఆధారపడి మొదలైన ఇక్కడి వైద్యం క్రమంగా బస్తీ దవాఖానా, పట్టణ ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆసుపత్రి, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి అనే అంచెల వైపు నడిచింది. రోడ్డు వెంట ప్రైవేటు ఆసుపత్రులు ముందుగా వెలిశాయి. బస్తీకీ ఉస్మానియాకూ నడుమ ఉండాల్సిన ప్రభుత్వ అంచెలు ఆలస్యంగా వచ్చాయి. ఈ ప్రాంత ఆరోగ్య చరిత్రను నడిపించింది ఆ ఎడమే.

నేపథ్యం

ఒకప్పుడు ఇది నగరం అంచు. సరూర్‌నగర్ చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. చుట్టూ పొలాలు, తోటలు, చిన్న ఊళ్లు ఉండేవి. జబ్బు ముదిరితే మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా జనరల్ ఆసుపత్రికీ, కాన్పుకు కోఠి, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రులకూ, అంటువ్యాధులకు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికీ, పసిపిల్లల కోసం నిలోఫర్‌కూ వెళ్లేవారు. ఇవన్నీ నగరం మధ్యలోనే ఉన్నాయి.

నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చేవారికి నగర ప్రవేశం ఇక్కడే కావడంతో 1980ల తరువాత జనాభా వేగంగా పెరిగింది. ఉద్యోగుల కాలనీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు వచ్చాయి. అయితే ఈ విస్తరణ చాలావరకు గడ్డిఅన్నారం, ఎల్బీనగర్ మున్సిపాలిటీల్లో, అంటే రంగారెడ్డి జిల్లా పరిధిలో జరిగింది. హైదరాబాద్ కార్పొరేషన్ వసతులు వీటికి వర్తించేవి కావు. రంగారెడ్డి జిల్లా ఆసుపత్రి చూస్తే నగరానికి పడమటి కొసన ఉన్న కొండాపూర్‌లో ఉంది. ఈ మున్సిపాలిటీలు 2007 ఏప్రిల్ 16న జీహెచ్‌ఎంసీలో కలిశాయి.

నడిమి అంచె

జిల్లా, ఏరియా ఆసుపత్రుల నిర్వహణ కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986 చట్టంతో వైద్య విధాన పరిషత్తును ఏర్పాటు చేసింది. 1990లలో ప్రపంచ బ్యాంకు రుణంతో ఈ ఆసుపత్రులకు భవనాలు, పరికరాలు సమకూరాయి. అదే దశాబ్దంలో బెంగళూరు, కోల్‌కతా, ఢిల్లీలతో పాటు హైదరాబాద్ మురికివాడల్లోనూ ఇండియా పాపులేషన్ ప్రాజెక్టు–8 అమలై, తల్లీబిడ్డల సంరక్షణ కోసం పట్టణ ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ దాదాపు 50 వేల జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని నిర్దేశించింది.

తూర్పు ప్రాంతానికి దగ్గర్లో ఉన్న నడిమి అంచె ప్రభుత్వ ఆసుపత్రులు మలక్‌పేట, వనస్థలిపురం ఏరియా ఆసుపత్రులు. కాన్పులు, సాధారణ శస్త్రచికిత్సలు, పిల్లల జబ్బులు ఇక్కడే చూస్తే ఉస్మానియాకు కష్టమైన కేసులు మాత్రమే చేరాలన్నది ఏర్పాటు. జనం పెరిగినంతగా పడకలు, స్పెషలిస్టులు పెరగలేదు. అందువల్ల జ్వరానికి కూడా ఉస్మానియా ఓపీ క్యూలో నిలబడే అలవాటు మిగిలిపోయింది.

నీరు, నాలాలు

ఈ ప్రాంత ఆరోగ్యాన్ని ఆసుపత్రి గోడల బయట మార్చినవి రెండు: తాగునీరు, మురుగు. కృష్ణా తాగునీటి పథకం మొదటి దశ 2004లో, రెండో దశ 2008లో, మూడో దశ 2015లో పూర్తయ్యాయి. నాగార్జునసాగర్ వైపు నుంచి వచ్చే ఈ నీరు వనస్థలిపురం పక్కనున్న సాహెబ్‌నగర్ రిజర్వాయర్లకు చేరి నగరంలోకి సాగుతుంది. బోర్ల మీద, ట్యాంకర్ల మీద బతికిన కాలనీలకు నల్లా నీళ్లు వచ్చాయి.

మురుగు విషయంలో చరిత్ర ఇంత సాఫీగా లేదు. ఎగువ కాలనీల మురుగు కలిసి సరూర్‌నగర్ చెరువు దోమలకు నిలయమైంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుండపోతకు చెరువు పొంగి కోదండరాంనగర్ వంటి కాలనీల్లో నీరు రోజుల తరబడి నిలిచింది. కొవిడ్ నడుస్తున్న సమయంలోనే బురద, పాడైన సంపుల నీరు, జ్వరాలు ఒకేసారి మీద పడ్డాయి. ఆ తరువాత వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం కింద వరద కాల్వల పనులు మొదలయ్యాయి.

రహదారి, అత్యవసర వైద్యం, ఆరోగ్యశ్రీ

విజయవాడ రహదారి మీద చౌటుప్పల్ వైపూ, సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వైపూ జరిగే ప్రమాదాల్లో గాయపడినవారు నగరంలోకి వచ్చే దారి ఎల్బీనగర్ కూడలే. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ మొదలయ్యాక ఈ దారి మరింత ముఖ్యమైంది. ఎల్బీనగర్‌లో కామినేని, కొత్తపేటలో ఓమ్ని, మలక్‌పేటలో యశోద ఈ రహదారి మీదే వరుసగా ఉన్నాయి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు అమర్చిన రెండు బాంబులు నిమిషాల తేడాతో పేలి 18 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. క్షతగాత్రులను ఓమ్ని, యశోద, ఉస్మానియాలకు తరలించారు. ప్రభుత్వ ట్రామా ఆసుపత్రి ఈ వైపు లేని లోటు ఆ రాత్రి బాగా తెలిసివచ్చింది.

2007లో ప్రయోగాత్మకంగా మొదలై 2008 నాటికి రాష్ట్రమంతటా విస్తరించిన ఆరోగ్యశ్రీ, తెల్లకార్డు కుటుంబాలకు కార్పొరేట్ ఆసుపత్రుల తలుపులు తెరిచింది. గుండె ఆపరేషన్‌కు డబ్బు దొరికింది కానీ, నెలనెలా వేసుకోవాల్సిన బీపీ, షుగర్ మాత్రలకు ఆ కార్డు పనికిరాలేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో పథకం పరిమితిని ఏడాదికి రూ.10 లక్షలకు పెంచారు.

బస్తీ దవాఖానాలు

ఆ మాత్రల అవసరాన్ని తీర్చేందుకు వచ్చిన అంచె బస్తీ దవాఖానా. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఇవి మొదలయ్యాయి. 5 వేల నుంచి 10 వేల మందికి ఒకటి చొప్పున, ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకుడితో, చాలాచోట్ల కమ్యూనిటీ హాళ్లలోనే వీటిని తెరిచారు. ఇళ్లలో పనిచేసే మహిళ పనికి పోతూ దారిలో బీపీ చూపించుకుని, నెలకు సరిపడా మాత్రలు ఉచితంగా తీసుకుని వెళ్లగలుగుతుంది. రక్తపరీక్ష అవసరమైతే అక్కడే నమూనా తీస్తారు. ఆ సీసా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో 2018 జూన్‌లో ప్రారంభమైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రానికి వెళ్తుంది. ఫలితం ఫోనుకు వస్తుంది. కూలి పోకుండా పరీక్ష జరగడం పేదలకు ఇందులోని అసలు మేలు.

అదే ఏడాది సెప్టెంబరు 24న ఎల్బీనగర్–అమీర్‌పేట మెట్రో మొదలైంది. కోఠిలోని ఉస్మానియా మెడికల్ కాలేజీ, నిమ్స్ ఉన్న పంజాగుట్ట, ఛాతీ ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ ఒకే లైను మీదకు రావడంతో ప్రయాణం తేలికైంది. దాంతో పెద్దాసుపత్రుల మీద ఆధారం మాత్రం తగ్గలేదు.

కొవిడ్, టిమ్స్

కొవిడ్ చికిత్స మొదట గాంధీ ఆసుపత్రి మీదే నడిచింది. 2020లో గచ్చిబౌలిలో తెలంగాణ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్, అంటే టిమ్స్, ఏర్పాటైంది. మే నెలలో వనస్థలిపురంలోని కొన్ని కాలనీలు కంటెయిన్‌మెంట్ జోన్లుగా మారినప్పుడు ఇక్కడివారికి ఆ రెండూ దూరమే. నగరం నాలుగు వైపులా పెద్దాసుపత్రులు ఉండాలన్న ఆలోచన ఈ అనుభవంతో బలపడింది.

2022 ఏప్రిల్ 26న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఎల్బీనగర్, సనత్‌నగర్, అల్వాల్ టిమ్స్‌లకు ఒకేరోజు శంకుస్థాపన చేశారు. ఒక్కొక్కదానికి వెయ్యి పడకలు. ఎల్బీనగర్ టిమ్స్‌కు ఎంచుకున్నది కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలం. 1986 నుంచి మామిడి, బత్తాయి లారీలతో కిక్కిరిసిన ఆ మార్కెట్‌ను బాటసింగారం తరలించారు. వ్యాపారులు అభ్యంతరం చెప్పి హైకోర్టుకు వెళ్లిన తరువాతే స్థలం ఖాళీ అయింది.

అంతర్జాతీయ నేపథ్యంలో

1978లో ఆల్మా–ఆటా ప్రకటన ప్రాథమిక వైద్యానికి పెద్దపీట వేసింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సేవలు, సిబ్బంది, సమాచారం, మందులు, నిధులు, పాలన అనే ఆరింటినీ కలిపి ఆరోగ్య వ్యవస్థగా నిర్వచించింది. ఈ చర్చలో చిన్న ద్వీప దేశాలను తరచూ ప్రస్తావిస్తారు. జనాభా తక్కువ కావడంతో అక్కడ ప్రతి స్పెషాలిటీనీ నిలబెట్టడం సాధ్యం కాదు. మాల్దీవుల్లో భారత సహాయంతో కట్టిన ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రి 1995 నుంచి పనిచేస్తున్నా, కష్టమైన చికిత్సలకు రోగులు తిరువనంతపురం వంటి నగరాలకు వస్తుంటారు. దిల్‌సుఖ్‌నగర్ పరిస్థితి దీనికి తలకిందులు: స్పెషలిస్టులు అందుబాటులోనే ఉన్నారు, జనమూ ఉన్నారు. ఎవరు ఏ అంచెలో చూపించుకోవాలన్న క్రమమే కుదరలేదు.

టిమ్స్‌కూ ఇదే పరీక్ష. బస్తీ దవాఖానా డాక్టరు రాసిన చీటీకి వనస్థలిపురంలో, అక్కడి చీటీకి కొత్తపేటలో విలువ ఉంటేనే వెయ్యి పడకలు కష్టమైన కేసులకు మిగులుతాయి. ఆ క్రమం లేకపోతే ఉస్మానియా ఓపీ క్యూ కొత్తపేటకు మారుతుంది, అంతే.