టెన్నిసు రాకెట్టు: బలమును, అదుపును



టెన్నిసనగానే యది పట్టణములలోని కలవారి వినోదమనియు, పల్లెపెద్దలకు దానితో పనిలేదనియు తోచవచ్చును. కాని నేడు మన మనుమలును, మనుమరాండ్రును పట్టణములలో చదువుకొనుచు నీయాట నేర్చుచున్నారు. రెండుమూడేండ్లాడి చేయి కొంత కుదిరినపిమ్మట "తాతా, మంచి రాకెట్టు కొనిపెట్టుము" అని యడుగుదురు. వెల వేలరూపాయలలో నుండును. దుకాణమువాడు ఇది బలమిచ్చునది, అది అదుపునిచ్చునది అని రెండుజాతులు చూపును. ఆ మాటల కర్థము తెలియవలెనన్న నా పనిముట్టు పూర్వకథ కొంత తెలిసియుండవలెను.

మొదట నీయాటకు రాకెట్టే లేదు. ఫ్రాన్సుదేశమున మధ్యయుగమునందు బంతిని అరచేతితోనే కొట్టెడివారు. ఆటపేరు కూడ అరచేతియాటయే. చేతులు కమిలిపోవుటచే తోలుతొడుగులు వచ్చెను. 16వ శతాబ్దమునాటికి కొయ్యచట్రమునకు నరపుతంతులు బిగించిన రాకెట్టు వాడుకలోనికి వచ్చెను. 1789 జూను 20వ తేదీన వర్సేలులో ఫ్రెంచి ప్రజాప్రతినిధులు రాజ్యాంగ మేర్పడువరకు విడిపోమని ప్రతిజ్ఞ చేసినది ఇట్టి యాటశాలలోనే యని చరిత్ర చదివినవారెఱుగుదురు. 1874లో ఇంగ్లండున మేజరు వింగుఫీల్డు పచ్చికమీద నాడదగిన తీరున దీనిని మార్చి హక్కుపత్రము పొందెను. 1877లో వింబుల్డనునందు మొదటి పోటీ జరిగెను.

అటుపిమ్మట సుమారు నూరేండ్లు రాకెట్టనగా కొయ్యయే. యాష్ అను చెట్టు కొయ్యను వంచి చట్రము చేసి, పశువుల ప్రేగులతో పేనిన తంతుల నల్లెడివారు. బరువు 370 గ్రాములు మొదలు 400 వరకు. తంతులల్లిన ముఖము 65 లేక 70 చదరపు అంగుళములు. వానకు తంతులు చెడును, చెమ్మకు చట్రము వంకరపోవును. అందుచే ఆటకాగానే దానిని మరలుగల బద్దలనడుమ బిగించి దాచెడివారు. బంతి తాకినపుడు కొయ్య కొంచెము వంగును. ఆ వంపులో బంతివేగము కొంత హరించిపోవును. కావున బలమంతయు ఆటగాని భుజమునుండియు, నడుమునుండియు, అడుగు వేయుటనుండియు రావలసినదే. కాని చేయి యుద్దేశించిన చోటికే బంతి పోయెడిది. అదుపు కొఱకని వేరొక రాకెట్టు నడుగువాడానాడు లేడు.

ఉక్కుగొట్టపు రాకెట్టును కల్పించినవాడు ఫ్రెంచివీరుడు రెనే లాకోస్తు. 1925లోను, 1928లోను వింబుల్డను గెలిచినవాడు. అతని 1953నాటి హక్కుపత్రముపై 1967లో అమెరికాలో దానిని విక్రయింపసాగిరి. బంతి బాణమువలె పోయెడిది గాని, ఎక్కడికి పోవునో నిశ్చయము తక్కువ. జిమ్మీ కానర్సువంటి యొకరిద్దరికే అది లొంగెను.

అసలు మార్పు తెచ్చినవాడు హోవర్డు హెడ్డు. ఇతడు విమానశాస్త్రము తెలిసిన యింజనీరు. మంచుపై జాఱుటకు లోహపుబద్దలు చేసి ధనము గడించి, వ్యాపారము విడిచిన పిమ్మట టెన్నిసు మొదలుపెట్టెను. ఆట రాలేదు. బంతి తంతుల నడిమికి తగులక ప్రక్కకు తగిలినప్పుడెల్ల రాకెట్టు చేతిలో మెలిదిరుగుచుండెను. మనవంటివాడైనచో తన చేతిని నిందించుకొని యూరకుండును; అతడు రాకెట్టును నిందించెను! మోకుమీద నడచువాడు పొడుగుపాటి గడను అడ్డముగా పట్టుకొనుట మనమెఱుగుదుము. బరువు నడిమినుండి దూరముగ జరిగినకొలది తిరుగుట కష్టమగును. ఆ సూత్రమునే హెడ్డు పట్టుకొని చట్రపు వెడల్పు పెంచి, 110 చదరపు అంగుళముల ముఖముగల అల్యూమినియపు రాకెట్టు చేసెను. హక్కుపత్రము 1976లో వచ్చెను. చూచినవారు నవ్విరి. 1978లో పదునారేండ్ల పామ్ ష్రైవరు అను బాలిక దానితో అమెరికా జాతీయపోటీలో తుదియాటవరకు వచ్చుటతో నవ్వు లాగిపోయెను.

ఆ నడుమ 1977లో మఱియొక వింత జరిగెను. తంతులను రెండుపొరలుగా కట్టి గొట్టపుముక్కలు తొడిగిన రాకెట్టొకటి వచ్చెను. బంతి దానినుండి వింతగా గిరగిర తిరుగుచు వచ్చుటచే ఎదుటివాని కంచనా చిక్కదు. మట్టినేలపై వరుసగా 53 ఆటలు గెలిచిన గిలెర్మో విలాసు, ఫ్రాన్సులో నస్తాసె చేతనున్న యట్టి రాకెట్టునెదిరింపలేక రోసి ఆట నడుమనే విడిచిపోయెను. అంతవరకు రాకెట్టెట్లుండవలెనను నియమమే లేదు! 1978లో నియమము పుట్టెను.

పిమ్మట గ్రాఫైటు వచ్చెను. గట్టిది, తేలికైనది, వంగనిది. 1987లో మందపుచట్రములు వచ్చుటతో, వేగము మఱింత పెరిగెను. ఆ యేటితరువాత వింబుల్డనులో కొయ్యరాకెట్టు కనబడలేదు. బలము సులభమైనది; బంతి గీత దాటిపోవుట కూడ సులభమైనది. అదుపునిచ్చు రాకెట్టను మాట యప్పుడు విలువకెక్కెను. సన్నని చట్రము, కొంత వంగు గుణము, కొంచె మెక్కువ బరువు, చిన్నముఖము, దట్టముగ నల్లిన తంతులు దాని లక్షణములు. ఒకవిధముగ కొయ్యగుణములను గ్రాఫైటులో మరల వెదకుటయే యిది.

అట్లని వీరుల రాకెట్టును పిల్లవానికీయరాదు. సాంప్రాసు 85 చదరపు అంగుళములతో నాడెను. అందు నడిమి తప్పినచో క్షమ లేదు. ఫెడరరంతటివాడు 2013 వరకు 90 అంగుళముల ముఖముతో నాడి, 2014లో 97కు మారెను. మారినపిమ్మటనే మఱి మూడు పెద్దపోటీలు గెలిచెను. ఎదుగుచున్న యువకునికి 98 మొదలు 100 చదరపు అంగుళముల ముఖము, తంతులు లేకుండ సుమారు 300 గ్రాముల బరువు, 23 మిల్లీమీటర్లకు మించని మందము చాలునని నా యభిప్రాయము. చేయి చాలని బాలురకు బరువు తగ్గింపవలెను. వెలకన్న పిడి చేతికి సరిపోవుట ముఖ్యము.

తంతుల బిగువు సంగతి పలువురు తలక్రిందుగా ననుకొందురు. బిగువుగానున్న తంతి బంతిని దూరము విసరునని భ్రమ. నిజమేమనగా, తంతి తాను గ్రహించిన శక్తిని దాదాపుగా తిరిగి యిచ్చివేయును. చదునై శక్తిని పోగొట్టునది బంతియే. బిగువుతంతిపై బంతి యెక్కువ చదునగును, వేగము తగ్గును, అదుపు హెచ్చును. వదులైన నులకమంచముపై పిల్లవాడు గంతులు వేయుట తలచుకొనుడు. బోర్గు తన కొయ్యరాకెట్టుకు సుమారు 80 పౌనుల బిగువు పెట్టించెడివాడు. మన పిల్లలకు 50, 52 చాలును. 1997లో కుయెర్తెను ఫ్రెంచిపోటీ గెలిచినది మొదలు వ్యాపించిన పాలియెస్టరుతంతి బిరుసైనది. లేతమోచేతికి నొప్పి తెచ్చును. మెత్తని తంతి వేయించుట మేలు. వారమునకెన్ని దినములాడుదురో ఏడాదికన్నిమార్లు తంతులు మార్పించుట ఆటగాండ్ర వాడుక. మనుమడు వారమునకు మూడుదినములాడువాడైనచో, రాకెట్టు వెలతోపాటు ఆ మూడుమార్ల ఖర్చును గూడ ముందే లెక్క చూచుకొనవలెను.