మైఎస్‌క్యూఎల్: డేటా రకాలు, క్వెరీలు, రెప్లికేషన్‌లో లోప నిర్ధారణ చరిత్ర

మైఎస్‌క్యూఎల్ రిలేషనల్ డేటాబేస్‌ను నడిపేవారికి ఎదురయ్యే చిక్కులను మూడు పద్దుల కింద చెప్పడం ఆనవాయితీ. కాలమ్‌లో పడాల్సిన విలువ మారిపోవడం మొదటిది. క్వెరీ నెమ్మదించడమో, తప్పు జవాబివ్వడమో రెండోది. అసలు సర్వర్‌కూ దాని నకలుకూ పొంతన తప్పడం మూడోది. మాన్యువళ్లలో, శిక్షణ తరగతుల్లో వీటికి విడివిడి అధ్యాయాలు ఉంటాయి. 1995లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ నడిచిన దారిని పరిశీలిస్తే మాత్రం ఈ విభజన అంత గట్టిగా నిలవదు. రెండో పద్దులో, మూడో పద్దులో బయటపడే లోపాలు చాలావరకు మొదటి పద్దులోనే పుడతాయి. తనకు సరిపడని విలువను సర్వర్ తిప్పి పంపకుండా, తనకు తోచినట్టు సర్ది లోపలికి తీసుకున్నప్పుడే అసలు లోపం జరిగిపోతుంది. క్వెరీలో, నకలులో కనిపించేది దాని ఫలితం. గత పాతికేళ్లలో మైఎస్‌క్యూఎల్‌కు జరిగిన ముఖ్యమైన మార్పుల్లో అనేకం ఈ లోపాన్ని పుట్టిన చోటే పట్టుకునే దిశగా వేసిన అడుగులు.

ఎడ్గర్ కాడ్ 1970లో ఐబీఎం శాన్ హోసే ప్రయోగశాల నుంచి ప్రచురించిన పత్రంలో రిలేషన్ నిర్వచనమే డొమైన్ల మీద నిలబడింది. ఒక కాలమ్ ఏ విలువల సమితి నుంచి తన విలువలు తీసుకుంటుందో ముందే తేలాలి. ఆ సమితిలో లేనిదానికి అక్కడ చోటు లేదు. స్వీడన్‌లో మైకేల్ విడేనియస్, డేవిడ్ ఆక్స్‌మార్క్, అలన్ లార్సన్ మైఎస్‌క్యూఎల్‌ను తెచ్చినప్పుడు ఈ నియమాన్ని సడలించారు. దీన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం. అప్పట్లో దాని టేబుళ్లకు ట్రాన్సాక్షన్లు లేవు. ఒకే ఇన్సర్ట్ ఆదేశంతో వంద వరుసలు పంపితే, అరవయ్యో వరుసలో తప్పు విలువ ఉందనుకుందాం. సర్వర్ ఆ క్షణంలో ఆగిపోతే అప్పటికే లోపలికి వెళ్లిన యాభై తొమ్మిదింటిని వెనక్కి తీసే మార్గం లేదు. సగం చేసి వదిలేసిన పనికన్నా, తప్పు విలువను దానికి దగ్గరలో ఉన్న సాధ్యమైన విలువగా మార్చి పని పూర్తి చేయడం మేలని రూపకర్తలు తలచారు. ఆనాటి ఇంజనుకు అది సమంజసమైన నిర్ణయమే. అయితే ట్రాన్సాక్షన్లున్న ఇన్నోడీబీ 2001 ప్రాంతంలోనే అందుబాటులోకి వచ్చి, 2010 నాటి 5.5లో డిఫాల్ట్ ఇంజన్ అయింది. తప్పు విలువను తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ 2005లో 5.0తో వచ్చినా, సర్వర్ డిఫాల్ట్‌గా మారింది 2015 నాటి 5.7లో. కారణం తొలగిపోయాక కూడా అలవాటు అన్నేళ్లు కొనసాగిందన్నమాట.

ఆ అలవాటు ఏం చేసేదో తెలియాలంటే ఒక మొబైల్ నంబరు చాలు. ఇంట్ రకం కాలమ్‌కు నాలుగు బైట్ల చోటుంటుంది. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. రుణ సంఖ్యలు వద్దనుకుని అన్‌సైన్డ్‌గా పెట్టుకున్నా 4294967295 దాటదు. మన దేశంలో మొబైల్ నంబరు పది అంకెలది, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతుంది. అంటే వాటిలో అతి చిన్నది కూడా ఆరు వందల కోట్లకు తగ్గదు. స్ట్రిక్ట్ మోడ్ లేని సర్వర్‌లో ఫోన్ నంబరు కాలమ్‌ను ఇంట్‌గా పెడితే ఎవరి నంబరు ఇచ్చినా లోపల పడేది 2147483647 ఒక్కటే. సర్వర్ ఒక వార్నింగ్ నమోదు చేస్తుంది, కానీ అప్లికేషన్ ప్రత్యేకంగా అడిగితే తప్ప అది ఎవరి కంటా పడదు. ఆ కాలమ్ మీద యూనిక్ కీ ఉంటే చిక్కు మరో వేషం వేసుకుంటుంది. మొదటి ఖాతాదారు చేరిపోతారు. రెండో వ్యక్తి దగ్గర 1062 నంబరు ఎర్రర్ వస్తుంది, ఈ విలువ ఇదివరకే ఉందని. చూసేవారికి ఇది డూప్లికేట్ల సమస్యలా కనిపిస్తుంది. యూనిక్ కీ తీసేస్తే ఎర్రర్ పోతుంది, ఆ తరువాత వచ్చిన నంబర్లన్నీ పోతాయి. లక్షణాన్ని చూసి మందు వేస్తే రోగం ముదరడమంటే ఇదే.

సంఖ్యల సంగతి ఇలా ఉంటే అక్షరాలది ఇంకా లోతైన కథ, తెలుగుకు నేరుగా తగిలినదీ అదే. 8.0కు ముందు మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ అక్షర సమితి లాటిన్-1, వరుస క్రమం స్వీడిష్ భాషది. లాటిన్-1లో తెలుగు అక్షరాలు లేవు. కనెక్షన్ యూటీఎఫ్-8 అని సరిగా చెప్పుకుని లాటిన్-1 కాలమ్‌లోకి 'తెలుగు' అన్న మాట పంపితే, యూనికోడ్ లెక్కన అందులో ఉన్న ఆరు సంకేతాలకూ బదులుగా ఆరు ప్రశ్నార్థకాలు నిల్వ అవుతాయి. కనెక్షన్ కూడా లాటిన్-1 అనే చెప్పుకుంటే ఫలితం వేరు. అప్పుడు పద్దెనిమిది బైట్లూ చెక్కుచెదరకుండా లోపలికి వెళ్తాయి, అదే అప్లికేషన్ తిరిగి చదివితే తెలుగు చక్కగానే కనిపిస్తుంది. కాకపోతే సర్వర్ దృష్టిలో అవి పద్దెనిమిది యూరప్ అక్షరాలు. ఆ లెక్కన 255 అక్షరాల వార్‌చార్ కాలమ్‌లో ఎనభై అయిదు తెలుగు సంకేతాలే పడతాయి. మధ్యలో ఖాళీలూ అంకెలూ కలిస్తే కోత ఒక సంకేతం నడుమనే పడి, చివర విరిగిన బైటు మిగలవచ్చు.

2004లో వచ్చిన 4.1 ఒక్కో కాలమ్‌కు ఒక్కో అక్షర సమితిని అనుమతించింది. అయితే అందులో యూటీఎఫ్8 అన్న పేరుతో ఇచ్చింది సంకేతానికి మూడు బైట్లకే పరిమితమైన రూపం. తెలుగు సంకేతం ఒక్కొక్కటీ సరిగ్గా మూడు బైట్లు కాబట్టి తెలుగు పాఠానికి ఆ లోటు తెలియలేదు. ఎమోజీలకు నాలుగు బైట్లు కావాలి. స్ట్రిక్ట్ మోడ్ లేని చోట తెలుగు వ్యాఖ్య మధ్యలో ఒక ఎమోజీ వస్తే, దాంతోపాటు ఆ తరువాతి పాఠమంతా కోతపడేది. దీని పర్యవసానం అక్షరాల దగ్గరే ఆగలేదు. 2015 ఏప్రిల్‌లో వర్డ్‌ప్రెస్ తన 4.1.2 విడుదలలో సరిదిద్దిన తీవ్రమైన భద్రతా లోపానికి ఈ కోతే మూలం. అప్లికేషన్ తనిఖీ చేసిన వ్యాఖ్య ఒకటి, డేటాబేస్ కత్తిరించి దాచుకున్నది ఇంకొకటి. ఆ తేడాలోంచి హానికర స్క్రిప్టును దూర్చవచ్చని తేలింది. కొద్ది రోజులకే 4.2.1లో మరో రంధ్రాన్ని పూడ్చారు. ఈసారి కోత టెక్స్ట్ రకపు 65,535 బైట్ల హద్దు దగ్గర పడింది. (ఆ హద్దులో తెలుగుకు దక్కేది 21,845 సంకేతాలు. ఇంగ్లిష్ వ్యాసాలతో పరీక్షించి వదిలిన సైట్లలో పెద్ద తెలుగు కథ ఆఖరి పేజీలు మాయమయ్యే అవకాశం అక్కడే ఉంది.) నాలుగు బైట్ల యూటీఎఫ్8ఎంబీ4 అంతకుముందే, 5.5తో వచ్చింది. దానికి మారబోయినవారికి ఇండెక్స్ అడ్డుపడింది. ఇన్నోడీబీ పాత వరుస రూపాల్లో ఒక కాలమ్ ఇండెక్స్‌కు 767 బైట్లే హద్దు. మూడు బైట్ల లెక్కన 255 అక్షరాలు 765 అయి సరిపోతాయి, నాలుగు బైట్ల లెక్కన 1020 అవుతాయి. చాలా పాత స్కీమాల్లో ఇప్పటికీ 191 అన్న వింత కొలత కనిపించడానికి కారణం ఇదే. 191ని నాలుగుతో గుణిస్తే 764.

క్వెరీల విషయంలోనూ ఇదే దారం సాగుతుంది. ఫోన్ నంబరును వార్‌చార్‌గా దాచి, ఇండెక్స్ పెట్టి, వెతికేటప్పుడు మాత్రం నంబరును కోట్స్ లేకుండా రాస్తే మైఎస్‌క్యూఎల్ రెండు వైపులనూ ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలుగా మార్చి పోలుస్తుంది. ఒకే సంఖ్యకు సమానమయ్యే అక్షర రూపాలు అనేకం ఉంటాయి. ముందు ఖాళీ ఉన్నదీ, వెనక అక్షరం తగిలించినదీ ఒకటే అవుతాయి. అందుకని ఇండెక్స్ పనికిరాక టేబుల్ మొత్తం చదవాల్సి వస్తుంది. ఎక్స్‌ప్లెయిన్ ఫలితంలో యాక్సెస్ రకం దగ్గర 'ఆల్' అని కనబడగానే చాలామంది మరో ఇండెక్స్ చేర్చబోతారు. చేర్చాల్సింది రెండు కోట్స్ మాత్రమే. వేర్వేరు అక్షర సమితులున్న కాలమ్‌లను జాయిన్ చేసినప్పుడు కూడా ఇలాంటి మార్పిడే లోలోపల జరిగి ఇండెక్స్ పక్కకు పోవచ్చు. తప్పు జవాబుల్లో పేరుమోసినది గ్రూప్ బై. గుంపులో లేని కాలమ్‌ను అడిగితే 5.7కు ముందు సర్వర్ డిఫాల్ట్‌గా అభ్యంతరం చెప్పకుండా, గుంపులోని ఏదో ఒక వరుస విలువను తెచ్చి ఇచ్చేది. ఏ వరుసదన్న హామీ లేదు. ఆ విలువ నిన్నటిలాగే ఇవాళా వస్తుందనే నమ్మకమూ లేదు.

హామీ లేని ఆ విలువ రెప్లికేషన్‌లోకి ప్రవేశించిందంటే లోపం రెండు సర్వర్ల సమస్య అవుతుంది. 3.23తో వచ్చిన రెప్లికేషన్‌లో బైనరీ లాగ్‌లోకి ఎక్కేది మారిన వరుస కాదు, దాన్ని మార్చిన ఆదేశం. నకలు సర్వర్ అదే ఆదేశాన్ని తన దగ్గర మళ్లీ నడుపుకుంటుంది. ఒకే ఆదేశం రెండు చోట్లా ఒకే ఫలితం ఇస్తుందన్న భరోసా మీద ఈ కట్టడం నిలబడింది. ఆ భరోసా కోసం ఆదేశంతోపాటు సమయాన్ని, ర్యాండమ్ సంఖ్య బీజాన్ని లాగ్‌లో పెట్టారు. 5.0 నాటికి అక్షర సమితిని, టైమ్ జోన్‌ను, స్ట్రిక్ట్ మోడ్ ఉందో లేదో చెప్పే ఎస్‌క్యూఎల్ మోడ్‌ను కూడా ఆదేశానికి జతచేయాల్సి వచ్చింది. ఈ వ్యాసం వాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు. విలువను ఎలా అర్థం చేసుకోవాలన్నది రెప్లికేషన్ వెలుపలి విషయం కాదని ఆ లాగే చెబుతోంది. ఇవన్నీ పెట్టినా యూయూఐడీ వంటి ఫంక్షన్లకు, ఆర్డర్ బై లేని లిమిట్‌తో చేసే అప్‌డేట్‌లకు రెండు చోట్లా ఒకే ఫలితం ఖాయం చేయలేకపోయారు. 2008 నాటి 5.1 వరుసల ఆధారిత లాగ్‌ను తెచ్చింది. అది డిఫాల్ట్ అయింది మళ్లీ 5.7లోనే. కొత్త పద్ధతి తన సొంత చిక్కును వెంటబెట్టుకు వచ్చింది. ప్రైమరీ కీ లేని టేబుల్‌లో లక్ష వరుసలు తొలగిస్తే అసలు సర్వర్ ఒక్కసారి టేబుల్ చదివి పని ముగిస్తుంది. నకలు మాత్రం ఒక్కో వరుసనూ వెతకడానికి టేబుల్‌ను మళ్లీ మళ్లీ చదువుతూ గంటల కొద్దీ వెనకబడేది. 2013 నాటి 5.6లో హాష్ ఆధారిత వెతుకులాట దీన్ని కొంత తగ్గించింది. తరువాత వచ్చిన గ్రూప్ రెప్లికేషన్ ప్రతి టేబుల్‌కూ ప్రైమరీ కీ లేదా దానికి సమానమైన నల్ కాని యూనిక్ కీ ఉండాలని షరతు పెట్టింది.

నకలు ఆగిపోయినప్పుడు నిర్వాహకులు అనుసరించిన విధానం కూడా ఈ చరిత్రలో భాగమే. 1062 అంటే వరుస ఇప్పటికే ఉందని, 1032 అంటే మార్చాల్సిన వరుస కనబడలేదని. స్కిప్ కౌంటర్‌ను ఒకటి పెట్టి ఆ ఘటనను దాటించి నకలును మళ్లీ నడపడం ఏళ్ల తరబడి చెల్లుబాటైన చిట్కా. సర్వర్ ఒకప్పుడు చేసిన మౌన సవరణనే ఇక్కడ మనిషి చేస్తున్నాడు. ఆ ఎర్రర్ తేడా పుట్టినట్టు చెప్పదు, ఎప్పుడో పుట్టిన తేడా ఇప్పుడు తగిలిందని చెబుతుంది. ఎన్ని సెకన్లు వెనకబడిందో చూపే అంకె సున్నా అయినంత మాత్రాన రెండు సర్వర్లలోని డేటా ఒకటేనని కాదు. దానికి పెర్కోనా టూల్‌కిట్‌లోని టేబుల్ చెక్‌సమ్ సాధనంలాంటిది నడిపి, ముక్క ముక్కనూ పోల్చి చూడాలి. నకలులో కాలమ్ రకం వేరుగా ఉంటే వరుసల పద్ధతిలో మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్‌గా 1677 ఎర్రర్‌తో ఆగిపోతుంది. రకం మార్పిడికి నిర్వాహకుడు విడిగా ఒప్పుకుంటేనే ముందుకు సాగుతుంది. ఇది సరైన ఏర్పాటు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. ఆ సడలింపే మైఎస్‌క్యూఎల్‌ను వెబ్ ప్రపంచానికి దగ్గర చేసిందని, మొదటినుంచీ బిగుసుకుని ఉంటే ఇంతమంది వాడేవారే కాదని ఒకటి. ఇందులో నిజముంది. కానీ సులువైన రెప్లికేషన్ పాత్రను ఆ లెక్క మరుగున పడేస్తుంది. తొలినుంచీ చాలావరకు కచ్చితంగా ఉన్న పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు స్ట్రీమింగ్ రెప్లికేషన్ 2010 నాటి 9.0లో గానీ లోపలి సౌకర్యంగా రాలేదు. పైగా సడలించిన ఇంజన్లన్నీ తరువాత బిగింపు వైపే వచ్చాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కూడా 2008 నాటి 8.3లో సంఖ్యలను చడీచప్పుడు లేకుండా పాఠంగా మార్చడం మానేసింది, అప్పుడు ఎన్నో అప్లికేషన్లు ఎర్రర్లతో ఆగాయి. రకాల విషయంలో అందరికన్నా ఉదారమైన ఎస్‌క్యూలైట్ 2021లో స్ట్రిక్ట్ టేబుళ్లను ప్రవేశపెట్టింది. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. కచ్చితత్వం ఉన్నా లోపాలు ఆగలేదుగా అని. 2018లో లినక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 అక్షరాల వరుస క్రమాన్ని మార్చినప్పుడు, పాత వ్యవస్థ మీద కట్టిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఇండెక్సులు కొత్త దాని మీద తప్పు జవాబులిచ్చాయి. అసలు సర్వర్ ఒక వెర్షన్ మీద, నకలు మరో వెర్షన్ మీద ఉన్నచోట ఉన్న వరుసే నకలులో దొరక్కుండా పోయేది. ఈ ఉదంతం వాదనను కూల్చదు, దాన్ని విస్తరిస్తుంది. పాఠం అన్న రకంలో వరుస క్రమం కూడా భాగమే. దాన్ని డేటాబేస్ బయట వదిలేస్తే ఆ రకం సగమే నిర్వచించినట్టు. నెట్‌వర్క్ తెగడం, డిస్కు చెడిపోవడం, నకలు ఆలస్యం కావడం లాంటివి మాత్రం ఈ లెక్కలోకి రావు. వాటికి సెమీ సింక్రనస్ రెప్లికేషన్, జీటీఐడీ లాంటి వేరే మందులున్నాయి.

2018 ఏప్రిల్‌లో వచ్చిన 8.0 యూటీఎఫ్8ఎంబీ4ను డిఫాల్ట్ చేసింది. టేబుల్ నిర్వచనంలో చెక్ నిబంధన రాస్తే అంతవరకు మైఎస్‌క్యూఎల్ దాన్ని చదివి, ఏమీ అనకుండా వదిలేసేది. 2019 నాటి 8.0.16 నుంచే అమలు చేస్తోంది. ఆ మార్పులేవీ పాత డేటాను బాగుచేయవు. ఏది కోలుకుంటుందో, ఏది కోలుకోదో తేల్చేది నిల్వ ఉన్న బైట్లే. హెక్స్ ఫంక్షన్‌తో చూసినప్పుడు ఈ0, బీ0 లేదా బీ1తో మొదలయ్యే మూడేసి బైట్ల జట్లు కనబడితే లాటిన్-1 ముసుగులో అసలైన తెలుగు ఉన్నట్టు. ఆ కాలమ్‌ను ముందు బైనరీ రకానికి, అక్కడినుంచి యూటీఎఫ్8ఎంబీ4కు మార్చితే బైట్లు కదలకుండా పేరు సరిపడుతుంది. నేరుగా అక్షర సమితి మార్చితే మాత్రం రెండుసార్లు ఎన్‌కోడ్ అయి ఇంకా చెడుతుంది. ఈ పనికి ముందు నకళ్లలోనూ అవే బైట్లున్నాయో లేదో పోల్చుకోవాలి. వరుసగా 3ఎఫ్ మాత్రమే కనబడితే అవి ప్రశ్నార్థకాలు, తెలుగు ఆ కాలమ్‌లోకి చేరనే లేదు. అలాంటి వరుసలకు పాత బ్యాకప్‌లోనో, మొదట నింపిన దరఖాస్తు కాగితంలోనో వెతుక్కోవాలి.