చూపెటో బండి అటే

సంగీతానికి గురువుంటాడు, నాట్యానికి గురువుంటాడు, కర్రసాముకీ ఉంటాడు. ఆఖరికి ఆవకాయ కలపాలన్నా పక్కన ఓ పెద్దావిడ కూర్చుని, "ఉప్పు చాలదే పిల్లా!" అని గద్దించాల్సిందే. మోటారు సైకిలుకు మాత్రం గురువు అక్కర్లేదని మనవాళ్ళ గట్టి నమ్మకం. మా బోయినపల్లి వైపు చూడండి. తమ్ముడు ముందు కూర్చుంటాడు, అన్న వెనక. ఖాళీ జాగాలో నాలుగు చుట్లు తిరుగుతారు. "ఇగ వచ్చింది పో!" అంటాడు అన్న. అయిదో చుట్టు వేములవాడ రోడ్డు మీదే!

అందుకే మా అక్క కొడుకు బండి నడపడం నేర్చుకోవడానికి మద్రాసు వెళ్తానంటే ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. "పదేండ్ల సంది నడుపుతనే ఉన్నవ్ గదరా, ఇంకేం నేర్సుకుంటవ్?" అంది మా అక్క. నాకు మాత్రం నవలలు రాసేవాళ్ళకుండే పాడు కుతూహలం పట్టుకుంది. ఈ విద్యకు గురువులు ఎప్పుడు పుట్టారు? వాడి పుస్తకాలు తిరగేస్తూ కూర్చున్నాను.

మొదట్లో గురువుల్లేరు, నిజమే. కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో 1893లో ఓ తెలుగింట పుట్టిన జి.డి. నాయుడు కథ వినే ఉంటారు. ఓ తెల్లదొర దగ్గర రడ్జ్ మోటారు సైకిలు చూసి మనసు పారేసుకున్నాడాయన. హోటల్లో వడ్డన పనికి కుదిరి, పైసా పైసా కూడబెట్టి, చివరికి ఆ బండినే కొన్నాడు. కొని ఊరేగలేదు. విప్పి ముక్కలు ముక్కలు చేసి, మళ్ళీ బిగించుకున్నాడు. అదే ఆయన పాఠశాల. పెద్ద పారిశ్రామికవేత్త అయ్యాడు, కానీ అందరూ నాయుళ్ళు కాలేరు గదా!

పందేల సంగతీ అంతే. ఇంగ్లండు పక్కనున్న ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో 1907లోనే ఊళ్ళ మీదుగా పోయే రోడ్ల మీద పందేలు మొదలయ్యాయి. అక్కడ ఇప్పటికి 250 మందికి పైగా రౌతులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మన దక్షిణాదిలో ఆ ముచ్చట తీర్చింది చోళవరం. నెల్లూరు మీదుగా మద్రాసు వెళ్ళే దారిలో, నగరానికి కాస్త ఇవతల, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి పాడుబడి ఉండేది. 1953లో ఏర్పడ్డ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్నే పందెపు బాటగా చేసుకుంది. అక్కడ ముందున్నవాడి వెనక చక్రమే గురువు. వాడు ఎక్కడ వంగితే నువ్వూ అక్కడ వంగు. వాడు పడితే నువ్వు పడకు. అంతకుమించిన పాఠం లేదు.

చోళవరంలో పరుగులు తీసినవాళ్ళలోనే ఎస్. కరివర్ధన్ ఒకడు. లక్ష్మీ మిల్స్ కుటుంబం, అదీ కోయంబత్తూరు తెలుగు నాయుళ్ళ ఇల్లే. ఆయనది కారు మోజనుకోండి, అయినా ఇక్కడ చెప్పక తప్పదు. తాను గెలిస్తే చాలనుకోకుండా, తక్కువ ఖర్చులో పందెపు కార్లు కట్టి కుర్రాళ్ళ చేతికిచ్చాడు. 1995లో చిన్న విమానం కూలి చనిపోయాడు. 2003లో తయారైన కోయంబత్తూరు ట్రాక్‌కు కరి పేరే పెట్టారు. దాని మీద ఇప్పుడు మోటారు సైకిళ్ళ పందేలూ జరుగుతాయి.

అసలు ఈ విద్యను అక్షరాభ్యాసం నుంచి విడమరిచి చెప్పినవాడు అమెరికాలో ఉన్నాడు. పేరు కీత్ కోడ్. 1980లో కాలిఫోర్నియాలో సూపర్‌బైక్ స్కూలు పెట్టాడు, 1983లో పుస్తకం రాశాడు. ఆయన లెక్క నాకు భలే నచ్చింది. మనిషి ధ్యాస పది డాలర్ల నోటు లాంటిదట. కొత్తవాడు వంపు చూడగానే అయిదు డాలర్లు భయానికే చెల్లించేస్తాడు. మిగిలిన చిల్లరతో బ్రేకూ, గేరూ, దారీ, అన్నీ చూసుకోవాలి! సాధన చేసినకొద్దీ ఒక్కో పనికి ఖర్చు తగ్గుతుంది. నెలాఖరు సంసారం ఈదే ఆడవాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు.

ఆయన స్కూల్లో ఒక వింత బండి ఉంది. తిరిగే హ్యాండిల్ కాక, బండి చట్రానికే బిగించేసిన ఇంకో జత పిడులుంటాయి దానికి. వాటిని పట్టుకుని ఒళ్ళు ఎంత వంచినా బండి సరిగ్గా తిరగదు. బండిని తిప్పేది ఒళ్ళు కాదు, పిడి. అదీ ఎలా? కుడికి పోవాలంటే కుడి పిడిని ముందుకు నెట్టాలి! చక్రం క్షణకాలం ఎడమకు తిరుగుతుంది, బండి కుడికి వాలుతుంది. విమానం కనిపెట్టిన విల్బర్ రైట్ సైకిలు తొక్కేవాళ్ళలో ఇది ఏనాడో గమనించాడు. వాళ్ళంతా చేస్తూనే ఉన్నారు గానీ, చేస్తున్నట్టు వాళ్ళకే తెలియదట.

ఈ స్కూలు 2010లో మద్రాసుకొచ్చింది. శ్రీపెరుంబుదూరు దారిలో ఇరుంగాట్టుకోట్టైలో, మూడున్నర కిలోమీటర్లు దాటిన 12 వంపుల ట్రాక్ మీద పాఠాలు. తర్వాత మన పందెగాళ్ళే నడిపే శిక్షణ శిబిరాలూ పుట్టుకొచ్చాయి. మావాడు వెళ్ళింది అలాంటిదానికే.

రెండు రోజులకు మా ఇంటికొచ్చి వాడు చెప్పిన మొదటి మాట: "చిన్నమ్మా, పొద్దుగాల మొదటి పాఠంల బ్రేకే ముట్టనియ్యలే." నేను అదిరిపడ్డాను. ఒకటే గేరు, బ్రేకు లేదు. బ్రేకు లేదని తెలిస్తే ప్రతివాడూ వంపుకు ముందే వేగం సరిచూసుకుంటాడు. వేగం నేర్చుకోవడానికి పోయినవాడికి ముందు నేర్పింది అంచనా! బ్రేకు వంతు తరవాత వచ్చింది. పొడి రోడ్డు మీద బండిని నిలబెట్టేది ఎక్కువగా ముందు బ్రేకేనట. మనమేమో, "ముందు బ్రేకు పట్టకురా, బోర్ల పడతవ్" అని పిల్లలకు ఉగ్గుపాలతో పోశాం.

మా అక్క ఒకే ప్రశ్న అడిగింది. "అంత నేర్పిన కాడ గూడ సస్తున్రు గదా?" అబద్ధం కాదు. కీత్ కోడ్ దగ్గర నేర్చుకున్న వేన్ రైనీ 1990 నుంచి వరసగా మూడేళ్ళు ప్రపంచ విజేత. 1993లో ఇటలీలో పడి, మరి నడవలేకపోయాడు. 2023 ఆగస్టులో అదే మద్రాసు ట్రాక్ మీద 13 ఏళ్ళ బెంగుళూరు పిల్లవాడు పందెంలో పోయాడు. ఆ వయసు పిల్లల్ని పందెంలో దింపడం నాకైతే మింగుడుపడదు, ఎంతటి గురువున్నా సరే. మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నేను పందెం కోసం పోలే పెద్దవ్వా... అమ్మా," అని తడబడి, "ట్రాక్ మీద ఎదురుంగ లారీ రాదే. ఈడ వస్తది. గందుకే ముందుగాల ఆడ నేర్సుకున్న," అన్నాడు.

యాసంగి కోతలప్పుడు వాడి బండి వెనక కూర్చుని కొదురుపాక వైపు వెళ్ళాను. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి, అంచున రాళ్ళు పేర్చి. వడ్ల మీద చక్రం పడితే జారడమే. యుద్ధకాలపు పైలట్లు గురి మీదే చూపు నిలిపి, ఆ గురికే వెళ్ళి గుద్దుకునేవారట. కళ్ళెటు పోతే చేతులూ అటే. "రాళ్ళను చూడకు చిన్నమ్మా, సందును చూడు," అన్నాడు వాడు. వెనక కూర్చున్నదాన్ని నేనెటు చూస్తే ఏం గానీ, కళ్ళు మాత్రం మూసుకోలేదు. రాళ్ళ పక్కన కూర్చున్న ముసలాయన చేతిలో కర్ర ఎత్తి, "మెల్లగ పో బిడ్డా" అన్నాడు. మావాడు అప్పటికే వేగం తగ్గించి ఉన్నాడు.