జడుపు నుంచి కేస్ షీటు దాకా

"పిల్ల జడుసుకుంది" అనే మాట ఏ వైద్య నిఘంటువులోనూ దొరకదు. కానీ బోయినపల్లి నుంచి లాలాగూడ దాకా సికింద్రాబాద్‌లో ఏ గల్లీలో అడిగినా దాని అర్థం చెబుతారు. రాత్రి ఉలిక్కిపడి లేవడం, పక్క తడపడం, అన్నం ముందు పెట్టుకుని కలిపి వదిలేయడం, ఒళ్లు కాలిపోవడం. దాన్నే జడుపు జ్వరం అన్నారు. దిష్టి తీసేవారు, తాయెత్తు కట్టేవారు, అప్పటికీ తగ్గకపోతే దర్గాకు తీసుకుపోయి ఊదించుకొచ్చేవారు. ఇవాళ క్లినికల్ సైకాలజీ చదివే విద్యార్థి బాల్యపు ట్రామా పాఠం తెరిస్తే, ఆ లక్షణాలే కాస్త ఇస్త్రీ మడతతో కనిపిస్తాయి. మన ముసలమ్మల చూపులో లోటు లేదు. లోటంతా ఆ తర్వాతి ప్రశ్న దగ్గరే వచ్చింది. దేన్ని చూసి జడుసుకుందని అందరూ అడిగారు, ఎవరిని చూసి అని అడగలేదు.

ఆ రెండో ప్రశ్న అడగడానికి ఒక మనిషిని కూర్చోబెట్టి నేర్పించాలన్న ఆలోచన ఈ ఊరికి చాలా చుట్టుతోవలో వచ్చింది.

అమెరికాలో లైట్నర్ విట్మర్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1896లో తొలి సైకాలజీ క్లినిక్ తెరిచినప్పుడు ఆయన ముందుకు వచ్చింది బడిలో అక్షరాలు కూడబలుక్కోలేని ఒక పిల్లవాడు. అంటే ఈ వృత్తి పుట్టుకే పిల్లల చదువు చుట్టూ జరిగింది, గాయం చుట్టూ కాదు. 1949లో బౌల్డర్‌లో జరిగిన సమావేశం క్లినికల్ సైకాలజిస్టుకు ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ ఉండి తీరాలని తేల్చింది. మన దేశంలో 1937లో బొంబాయిలో టాటా వారి సోషల్ వర్క్ పాఠశాల నీడలో బాలల మార్గదర్శక క్లినిక్ వెలిసింది. బెంగళూరులో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వచ్చింది, మరుసటి ఏడు సైకాలజిస్టులకు శిక్షణ మొదలైంది. దానికే తర్వాత నిమ్హాన్స్ అని పేరు. నిజాం కాలంలో జాల్నా జైలు పంచన నడిచిన మానసిక చికిత్సాలయం 1953లో ఎర్రగడ్డకు తరలివచ్చింది. ఎర్రగడ్డ పేరు ఎన్ని సినిమాల్లో వెకిలి నవ్వుకు పనికొచ్చిందో చెప్పనక్కర్లేదు. పెద్దవాళ్లే చెప్పుకోవడానికి సిగ్గుపడే ఆ గేటు లోపలికి పిల్లను చేయిపట్టుకుని తీసుకుపోయే తల్లి ఎవరు?

1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లా అనే చిన్న ఊళ్లో బడి బస్సును దుండగులు ఎత్తుకుపోయి 26 మంది పిల్లల్ని భూమిలో పూడ్చిన ఒక వాహనంలో బంధించారు. పిల్లలంతా ప్రాణాలతో బయటపడ్డారు. ఊరు ఊపిరి పీల్చుకుంది. కానీ లెనోర్ టెర్ అనే సైకియాట్రిస్టు ఆ పిల్లల వెంట ఏళ్ల తరబడి తిరిగి, బయటపడటం వేరు, తేరుకోవడం వేరని చూపించింది. ఆ మరుసటి ఏడు, 1977 నవంబర్ 19న, మన దివిసీమను ఉప్పెన ముంచింది. పదివేల పైచిలుకు ప్రాణాలు పోయాయి. బియ్యం వచ్చాయి, బట్టలు వచ్చాయి, గుడిసెల చోట పక్కా ఇళ్లు లేచాయి. గాలి ఈల వేస్తే చాలు లేచి కూర్చునే పిల్లల కోసం ఆ సాయం చిట్టాలో పద్దు లేదు. ఇది ఎవరినో తప్పుపట్టడానికి చెప్పే మాట కాదు. ఆ ఖాతా తెరిచే చేయి తెలుగు నేల మీద అప్పటికి తయారు కాలేదు.

విచిత్రంగా అదే 1977లో సికింద్రాబాద్ పికెట్ దగ్గర డాక్టర్ పి. హనుమంతరావు స్వీకార్ సంస్థను ప్రారంభించారు. ఏడేళ్లకు, 1984లో, కేంద్ర ప్రభుత్వం బోయినపల్లిలో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పింది. ఆ ప్రాంగణానికి పెట్టిన పేరు మనోవికాస్ నగర్. సంస్థ పేరు ఇప్పుడు మారింది గానీ, ఆటోవాళ్లలో పాతకాపులకు ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అంటేనే తెలుస్తుంది. ఈ రెండు చోట్లా గడప తొక్కింది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు, మాట ఆలస్యమైన పిల్లలు, వినికిడి లేని పిల్లలు. జంట నగరాల్లో పిల్లల ముందు కూర్చుని పని చేసే సైకాలజిస్టు తరం ఎక్కువగా ఈ గదుల్లోనే చేయి తిప్పుకోవడం నేర్చింది. పిచ్చాసుపత్రి నుంచి కాకుండా పునరావాస కేంద్రం నుంచి రావడం ఈ ఊరి శిక్షణకు ఉన్న జాతకం. దాని బలమూ అదే, లోపమూ అదే.

బలం ఏమిటో చూడాలంటే సెగ్విన్ ఫారం బోర్డు ముందు కూర్చోవాలి. చెక్క పలక. అందులో పది గుంటలు: నక్షత్రం, గుండ్రం, చతురస్రం, శిలువ, అర్ధచంద్రం వగైరా. పది బిళ్లల్ని తీసి మూడు దొంతరలుగా పేరుస్తారు. "ఎంత తొందరగా పెట్టగలవో పెట్టు" అని చెప్పి స్టాప్‌వాచ్ నొక్కుతారు. మూడుసార్లు పెట్టించి, అన్నిటికంటే తక్కువ పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. కొత్తగా చేరిన ఇంటర్ను కళ్లు గడియారం మీదే ఉంటాయి. ఆరితేరిన సూపర్‌వైజర్ పిల్ల వేళ్లను చూస్తుంది. నక్షత్రం బిళ్ల తప్పు గుంటలో పడగానే ఈ పిల్ల నవ్విందా, విసుక్కుందా, దెబ్బ పడుతుందేమోనని తలను భుజాల్లోకి ముడుచుకుందా? స్కోరు షీటులో ఆ ముడుచుకోవడానికి గడి లేదు. ఆ సంగతి వెనక్కి తిప్పి ఖాళీ వైపున పెన్సిల్‌తో రాసుకోవాలి. సమయం 31 సెకన్లని రాసి పైకి పంపే ఇంటర్ను ఒకరు, వెనకవైపు కూడా రాసే ఇంటర్ను ఒకరు. శిక్షణ అంటే ఈ ఇద్దరి మధ్య ఉన్న దూరమే.

1992లో బోయినపల్లి జాతీయ సంస్థ నుంచే రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ కలిసి మన పిల్లలకు పనికొచ్చే ప్రవర్తనా కొలమానాన్నీ, టీచర్ల కోసం ఒక కరదీపికనూ తెచ్చారు. పిల్ల కొరుకుతోంది, తల గోడకేసి కొట్టుకుంటోంది అంటే, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని కాగితం మీద పెట్టడం ఈ పద్ధతి నేర్పింది. పిచ్చి, పొగరు, పూర్వజన్మ కర్మ అనే మూడు జవాబులతో సరిపెట్టుకున్న ఇళ్లకు అది పెద్ద మలుపు. అయితే ఇక్కడే లోపమూ ఉంది. మాట రాని పిల్లకు ప్రవర్తనే మాట. ఆటో ఎక్కించబోతే చాలు కెవ్వున అరిచే పిల్లకు బహుమతుల చార్టు గీసి అరుపు మాన్పించవచ్చు. ఆటో నడిపేవాడి సంగతి ఆ చార్టులో ఎక్కడ రాస్తారు?

ఈ గదులకు బయట, డిగ్రీ కాగితం లేని శిక్షణ ఒకటి నడిచింది. దాన్ని వదిలేస్తే ఈ చరిత్ర ఒంటికాలి మీద నిలబడ్డట్టే. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ నడిచింది మారేడ్‌పల్లి నుంచే. ఆయన మనవరాలు శాంతా సిన్హా నాయకత్వంలో 1990లలో రంగారెడ్డి జిల్లాలో వెట్టి నుంచి విడిపించిన పిల్లలకు బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టారు. గొడ్ల కొట్టాల్లో పెరిగిన పిల్లలు వచ్చి నెలల తరబడి అక్కడే ఉండేవారు. పాటలు, ఆటలు, వేళకు అన్నం, కొట్టని పెద్దవాళ్లు, ఆ తర్వాతే అక్షరాలు. ఆ వాలంటీర్లలో ఎవరూ ట్రామా అనే మాట వాడి ఉండరు. కానీ ఇవాళ్టి పాఠ్యపుస్తకం 'భద్రత, దినచర్య, నమ్మకం' అని వరుస పెట్టి చెప్పేది అక్కడ జరిగిన పనినే. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. మన సైకాలజీ సిలబస్‌లలో చౌచిల్లా బస్సు దొరుకుతుంది గానీ ఈ శిబిరాలు దొరకవు. నాకు ఇది చిన్న విషయంగా తోచదు.

ఆ 2007లోనే కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి వేసిన నివేదిక వచ్చింది. సగానికి పైగా, 53.22 శాతం మంది, ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల వరుసలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఉంది. మా ఇళ్లలో ఇలాంటివి ఉండవు అనే మాట ఆ తర్వాత కూడా వినపడింది గానీ, గొంతు కాస్త తగ్గింది.

2012 నవంబర్ 14న, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. సైకాలజీ విభాగాలు నూరేళ్లలో చేయని పనిని చట్టం ఒక్క దెబ్బతో చేసింది. పిల్ల వాంగ్మూలాన్ని ఆమెకు నచ్చిన చోట, వీలైనంత వరకు సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలంది. కోర్టుకు పదే పదే పిలవకూడదంది. వైకల్యం ఉన్న పిల్ల అయితే స్పెషల్ ఎడ్యుకేటర్ సాయం తీసుకోవాలంది. వైకల్యాన్ని ఆసరా చేసుకుని చేసిన అఘాయిత్యాన్ని మరింత తీవ్రమైన నేరంగా లెక్కగట్టింది. విచారణకు ముందూ, విచారణలోనూ పిల్లకు తోడుగా మనస్తత్వశాస్త్రం తెలిసినవాళ్లు ఉండేలా మార్గదర్శకాలు రాయమని 39వ సెక్షన్ రాష్ట్రాలకు చెప్పింది. ఇన్ని 'ఉండాలి'ల మధ్య ఒక చిక్కు వచ్చింది. ఆ తెలిసినవాళ్లు ఎక్కడున్నారు? బోయినపల్లిలో చెక్క పలకల ముందు నేర్చుకున్న మనిషిని కోర్టు గుమ్మం ముందు నిలబెట్టాల్సి వచ్చింది. మన దగ్గర శిక్షణ ముందుండి చట్టం దాని వెనక రాలేదు. చట్టమే ముందు వచ్చి శిక్షణను చెవి పట్టుకుని లాక్కుపోతోంది.

హైదరాబాద్ పోలీసులు 2016లో ప్రారంభించిన భరోసా కేంద్రం ఆ లాగుడుకు ఒక రూపం. ఫిర్యాదు, వైద్యం, న్యాయసలహా, కౌన్సెలింగ్ ఒకే కప్పు కిందికి వచ్చాయి. ఆ తర్వాత పిల్లలకు అనువైన కోర్టు కూడా వచ్చింది. తర్వాత ఈ నమూనా తెలంగాణ జిల్లాలకూ పాకింది. సికింద్రాబాద్ స్టేషన్ సంగతి వేరే కథ. ఇల్లు వదిలి రైలెక్కిన పిల్ల మొదట దిగే పెద్ద ఊరు ఇదే కావచ్చు. 2015లో రైల్వే శాఖ అలాంటి పిల్లలను ఎలా చూసుకోవాలో పద్ధతులు రాసిపెట్టింది. అలా దొరికిన పిల్లతో మొదటి పది నిమిషాలు ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు అన్నది ఏ ఇంటర్నుకైనా గట్టి పరీక్షే. 'ఇంట్లోంచి ఎందుకొచ్చావ్' అనే ప్రశ్న మొదటి నిమిషంలో అడిగారంటే మిగతా తొమ్మిది నిమిషాలు వృథా.

చౌచిల్లా లాంటి బడి బస్సు కథ మనకూ ఉంది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట లెవెల్ క్రాసింగ్ దగ్గర బడి బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. గాయపడ్డవాళ్లను సికింద్రాబాద్‌కే తెచ్చారు. రోజూ టీవీలో ఐసీయూ బులెటిన్లు చూశాం. ఎవరికి స్పృహ వచ్చింది, ఎవరికి వెంటిలేటర్ తీశారు. మళ్లీ బస్సెక్కే రోజున ఆ పిల్లలకు ఏమవుతుందో చెప్పే బులెటిన్ ఉండదు కదా.

ఇక శిక్షణ గురించి. 1992లో వచ్చిన భారత పునరావాస మండలి చట్టంతో, 1993 నుంచి, ఆ మండలి లెక్కలోకి ఎక్కితేనే క్లినికల్ సైకాలజిస్టు. రెండేళ్ల ఎం.ఫిల్ దానికి తలుపుగా ఉంటూ వచ్చింది. స్వీకార్‌లో క్లినికల్ సైకాలజీ, జాతీయ సంస్థలో రిహాబిలిటేషన్ సైకాలజీ. ఇంటర్ను రోజంతా కేస్ హిస్టరీలు రాయాలి, పరీక్షలు చేయాలి, సూపర్‌వైజర్ ముందు కేసు చెప్పి చీవాట్లు తినాలి. ఎం.ఏ. పిల్లలు చేసే నెల రోజుల, నలభై ఐదు రోజుల ఇంటర్న్‌షిప్ వేరు. డబ్బు కట్టించుకుని, మూలన కూర్చోబెట్టి, చివర సర్టిఫికెట్ చేతిలో పెట్టే చోట్లు ఊరంతా ఉన్నాయి. ట్రామా ఉన్న పిల్ల దగ్గరికి అలాంటి ఇంటర్నును పంపడం కంటే దర్గాలో ఊదించడం నయం. కనీసం అక్కడ ఎవరూ కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పమనరు.

అసలు ఇంటర్నుకూ చిక్కులు తక్కువేం కాదు. ప్రపంచంలో ఎక్కువగా పరీక్షకు నిలబడ్డ చికిత్స ట్రామా ఫోకస్డ్ సీబీటీ. కోహెన్, మన్నరినో, డెబ్లింజర్ దాన్ని తయారు చేశారు. పిల్లా, నమ్మదగిన తల్లో తండ్రో కలిసి పన్నెండు, పదహారు వారాలు రావాలి. భయాన్ని గుర్తుపట్టడం, ఊపిరి నిలకడగా తీసుకోవడం నేర్చుకుని, కొంచెం కొంచెంగా జరిగింది చెప్పగలగాలి. మన దగ్గర రోజు కూలి పోగొట్టుకుని రెండు బస్సులు మారి వచ్చే తల్లి మూడో వారం రాదు. పుస్తకం చెప్పిన పదహారు వారాల్ని రెండు రోజుల్లోకి ఎలా కుదించాలో ఏ పుస్తకమూ చెప్పదు. పైగా పిల్ల నోరు విప్పిన క్షణాన పోక్సో 19వ సెక్షన్ తలుపు తడుతుంది. తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష. 'మేడమ్, ఎవరికీ చెప్పనని ఒట్టేయండి' అని పిల్ల చేయి చాపితే ఇరవై నాలుగేళ్ల ఇంటర్ను ఏం చేయాలి? ఒట్టు వేయకూడదు, చేయి వెనక్కి తీసుకోకూడదు. దీన్ని బల్ల మీద పాఠంగా చెప్పలేరు. పక్కన ఒకరు కూర్చుని చేసి చూపించాలి.

ఇప్పుడు ఎం.ఫిల్ అనే ఆ తలుపే మారుతోంది. కొత్త విద్యా విధానం ఎం.ఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా గడువు ఇచ్చారు. దాని స్థానంలో కొత్త ఎం.ఏ., సై.డి. కోర్సులు వస్తున్నాయి. కోర్సు పేరు మారినా, పిల్లతో గదిలో గడిపే గంటలు తగ్గకుండా ఉంటే చాలు.

కేస్ షీటులో మొట్టమొదటి గడి 'ముఖ్య ఫిర్యాదు'. దాన్ని చెప్పినవాళ్ల సొంత మాటల్లోనే రాయాలని ప్రతి ఇంటర్నుకూ మొదటి వారంలోనే నేర్పుతారు. తల్లి వచ్చి "జడుసుకుంది మేడమ్, పది దినాలైంది" అంటుంది. ఇంటర్ను ఇంగ్లిషులో 'భయం, జ్వరం, పది రోజులు' అని రాస్తుంది. సూపర్‌వైజర్ ఆ గీత కొట్టేసి, ఆ అమ్మ ఏమంది, అదే తెలుగులో రాయి అంటుంది. ఇంటర్ను తలెత్తి తల్లిని మళ్లీ అడుగుతుంది: "ఎవరిని చూసి అమ్మా?"