వడి పెరిగేకొద్దీ బిగిసే పట్టు

దోహా దగ్గరి ఐన్ ఖాలిద్‌లో పొద్దు వాలింది. సల్వా రోడ్డు మీది బండ్ల హోరు గదిలోకి వినిపిస్తోంది. డ్రైవరన్న దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నా వణుకు ఆగడం లేదు. పక్క మంచం మీది జగిత్యాల కుర్రాడు లేచి కూర్చున్నాడు.

"అన్నా, మళ్ల జరమొచ్చిందా?"

"గోలీ ఏస్కున్న తమ్మీ. తగ్గుతది."

వారాలుగా ఇదే మాట. ఈ మనిషిని నేను కల్పించుకున్నాను. అతని గుండెలో జరుగుతున్నది మాత్రం కల్పన కాదు. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చింది, ఆ వెనకే కీళ్లు వాచాయి, కొన్నాళ్లకు తగ్గాయి. ఆ రుమాటిక్ జ్వరం మైట్రల్ వాల్వును గట్టిపరిచి పోయింది. అందుకే వాల్వు మూసుకున్నా సందు మిగులుతోంది.

ఇక అతని రక్తంలోకి రండి. చిగుళ్ల నుంచి రక్తం కారినప్పుడు మీరూ లోపలికి జారారు. మీ పక్కనే నోట్లో కాపురముండే స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్ ఉంది. దాని వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎర్రకణాలు ప్రవాహం నడుమ చేరి, తమకంటే చిన్నవాటిని గోడ వైపు నెడుతున్నాయి. గోడ వెంట దొర్లుతున్నవి ప్లేట్‌లెట్లు. డెంగీ వస్తే మన ఇళ్లలో లక్షల్లో లెక్కపెట్టుకునేది వీటినే.

గుండె ముడుచుకుంది. మూయని సందులోంచి రక్తం సెకనుకు ఐదు మీటర్ల దాకా వేగంతో వెనక్కి చిమ్మింది. ఇంత వడిలో ఏదీ నిలవదనిపిస్తుంది. కానీ 1963లో సైమన్ రాడ్‌బార్డ్ అగార్‌తో చేసిన ఇరుకు గొట్టంలోంచి బ్యాక్టీరియా కలిసిన గాలిని పంపి చూశాడు. ఇరుకు దాటగానే, పీడనం పడిపోయే చోటే అవి ఎక్కువగా పేరుకున్నాయి. మీరూ అక్కడికే వచ్చారు, వాల్వుకు కర్ణిక వైపు.

ఇక్కడ వాల్వు పొర గీసుకుపోయింది. కింది కొల్లాజెన్ బయటపడి, వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ దానికి అతుక్కుంది. ఉండచుట్టుకుని ఉండే ఈ పొడవాటి ప్రోటీన్ ప్రవాహపు ఒరిపిడికి విచ్చుకుంటుంది. గ్లైకోప్రోటీన్ ఒన్-బీ అనే చేయితో ప్లేట్‌లెట్ దాన్ని అందుకుని, దొర్లి, నెమ్మదించి, ఆగింది. ఇది గాయం పూడ్చే పని. దీన్ని మనం ఆపలేం, ఆపకూడదు కూడా.

సాంగ్వినిస్ పట్టుకున్నది సరిగ్గా ఆ చేతినే. దాని పైపొర ప్రోటీన్ ఆ చేతి మీది సియాలిక్ ఆమ్లపు చక్కెరలను గుర్తుపడుతుంది. డబ్లిన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ పరిశోధకులు బ్యాక్టీరియాను గాజు మీద పరిచి, వాటి మీదుగా రక్తాన్ని పారించి ఇలాంటి పట్లను గమనించారు. నెమ్మది ప్రవాహంలో ప్లేట్‌లెట్లు సాంగ్వినిస్ మీద దొర్లి అతుక్కున్నాయి. చర్మం మీద ఉండే స్టాఫైలోకాకస్ ఆరియస్ ధమనుల వడిలోనూ వాటిని పట్టింది. క్లంపింగ్ ఫ్యాక్టర్-ఏ అనే ప్రోటీన్‌తో అది ఫైబ్రినోజెన్‌ను అందుకుంటుంది, రెండో కొసను ప్లేట్‌లెట్ పట్టుకుంటుంది. ఆ ప్రోటీన్‌కీ ఫైబ్రినోజెన్‌కీ మధ్య బంధం మెల్లగా లాగితే బలహీనమనీ, గట్టిగా లాగితే ఉచ్చుముడిలా బిగుస్తుందనీ 2018లో బెల్జియం శాస్త్రవేత్తలు చూపారు. కొట్టుకుపోవాల్సిన వడే దాన్ని నిలబెడుతోంది! ఈ సంగతి చదివిన నాటి నుంచి వెన్నాడుతూనే ఉంది.

చుట్టూ చూడండి. బ్యాక్టీరియాను పట్టించడానికి వచ్చిన యాంటీబాడీలు ప్లేట్‌లెట్‌కి ఇంకో వంతెన అయ్యాయి. నిమిషాల్లో ప్లేట్‌లెట్ ఉద్రేకపడి కొత్తవాటిని పిలుస్తోంది. బ్యాక్టీరియాను చంపే ప్రోటీన్లనూ వదులుతోంది, కానీ కొన్నిటికి అవి పనిచేయవు. మీద ఫైబ్రిన్ వల కమ్ముకుంది. తెల్లకణాలు లోపలికి రాలేకపోతున్నాయి. ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ ఇలా వేళ్లూనుకుంటుంది. ఈ గడ్డలోంచి ఒక తునక ఊడి మెదడుకు చేరితే పక్షవాతం.

బయటికి వద్దాం. డ్రైవరన్న పెట్టెలో ఊరి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలున్నాయి. దయచేసి వాటిని ముట్టవద్దు. నాలుగు మాత్రలకు జ్వరం తగ్గినట్టుంటుంది, గడ్డ చావదు, ఆపై రక్తపరీక్షలో బ్యాక్టీరియా దొరకకుండా పోవచ్చు. దోహాలో హమద్ మెడికల్ కార్పొరేషన్‌కి గుండె జబ్బుల కోసమే హార్ట్ హాస్పిటల్ ఉంది. ఇలాంటి అనుమానమున్నప్పుడు డాక్టర్లు మందు మొదలెట్టే ముందే వేర్వేరు చోట్ల సూది గుచ్చి మూడుసార్లు రక్తం తీసి కల్చర్‌కి పంపుతారు, ఎకోలో వాల్వును చూస్తారు. జబ్బు తేలితే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు నరానికి ఇంజెక్షన్లు. గడ్డ లోతుల్లోని బ్యాక్టీరియా పూర్తిగా చావాలంటే అన్నాళ్లు పడుతుంది.

తమ్ముడు టాక్సీ పిలిచాడు. దారిలో అన్నకు ఒక్క మాట గుర్తుచేయాలి: చిన్నప్పుడు కీళ్లు వాచిన సంగతి డాక్టరుకు ముందే చెప్పమని.