చిరునామాల కరణాలు

కెనడాకు తొలిరోజుల్లో వచ్చిన తెలుగువాళ్ళలో చాలామందికి ఒక అనుభవం ఉమ్మడిగా ఉంటుంది. ఊళ్ళో దిగిన వారం పది రోజుల్లో ఎవరో ఒకరు ఒక ఫోను నంబరు ఇచ్చేవారు. దానికి ఫోను చేస్తే ఒక పెద్దాయన పలికి, "ఏ ఊరు బాబూ మనది?" అని అడిగి, మన పేరూ అడ్రసూ నోటుపుస్తకంలో రాసుకునేవారు. అంతటితో ఫోను పెట్టేసేవారు కాదు. చింతపండు ఏ కొట్లో దొరుకుతుందో, వానకోటు ఎక్కడ చవకో, పిల్లల్ని బడిలో వెయ్యడానికి ఏ కాగితాలు కావాలో కూడా చెప్పేవారు. పేరు రాసుకోవడం, సాయం చెయ్యడం ఆయన దృష్టిలో రెండు పనులు కావు, ఒకటే పని.

ఈ మధ్య కంప్యూటరు నెట్‌వర్కుల పుట్టుపూర్వోత్తరాలు చదువుతుంటే నాకు ఆ నోటుపుస్తకమే గుర్తుకొచ్చింది. ఇవాళ ప్రపంచమంతా అల్లుకున్న ఇంటర్నెట్టు కూడా మొదట్లో అలాంటి పుస్తకం, అలాంటి ఫోను నంబరు మీదే నడిచింది. ఆ కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం మన వాంకూవర్‌లోనే, బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో జరిగింది.

మొదటినుంచీ చెప్పుకొద్దాం. 1969లో అమెరికా రక్షణశాఖ ధనంతో ఆర్పానెట్ అనే నెట్‌వర్కు నాలుగు కంప్యూటర్లతో మొదలైంది. అందులో ఒకటి కాలిఫోర్నియాలో మెన్లో పార్కు అనే ఊళ్ళో, స్టాన్‌ఫర్డ్ రిసెర్చి ఇన్‌స్టిట్యూటులో ఉండేది. అక్కడ డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ప్రయోగశాలలోనే నెట్‌వర్కు సమాచార కేంద్రం వెలిసింది. 1972లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ అందులో చేరారు. ఆవిడ కంప్యూటరు ఇంజనీరు కారు. జీవరసాయనశాస్త్రం చదువుకుని, మధ్యలో సమాచారాన్ని పోగుచేసి వర్గీకరించే పని మీద మనసుపడి ఇటు వచ్చిన మనిషి. ఆవిడకు అప్పగించిన తొలి పని, ఏ కంప్యూటరులో ఏముందో, దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పే పుస్తకం తయారుచెయ్యడం. ఆ ఏడాది అక్టోబరులో వాషింగ్టన్‌లో జరిగిన ప్రదర్శనకు అది అవసరమైంది.

సాయం ఎలా అందేదో చూడండి. నెట్‌వర్కులో చేరిన ప్రతి సంస్థలోనూ సాంకేతిక విషయాలకు ఒక బాధ్యుడు, కేంద్రం పంపిన పత్రాలను భద్రపరచి అడిగినవారికి ఇవ్వడానికి ఇంకొకరు ఉండేవారు. వాళ్ళకు తెలియనిది కేంద్రానికి వచ్చేది. అక్కడివాళ్ళు ఫోనులో జవాబు చెప్పేవారు, ఉత్తరం రాసేవారు, కాగితాలు తపాలాలో పంపేవారు. నెట్‌వర్కు వాడేవాళ్ళందరి పేర్లూ అడ్రసులతో టెలిఫోను డైరెక్టరీ లాంటి పుస్తకం అచ్చువేసేవారు. 1982 నాటికి ఆ డైరెక్టరీని కంప్యూటరులోనే వెతుక్కునే వీలు కల్పించారు. దానికి పెట్టిన పేరు 'హూయిజ్', అంటే 'ఎవరు?' అని.

ఇక చిరునామాల సంగతి. కంప్యూటరుకు కంప్యూటరు అంకెలతో తెలుస్తుంది. మనుషులకు పేరు కావాలి. ఏ పేరుకు ఏ అంకెో చెప్పే జాబితా మొదట్లో ఎవరికి వారే రాసుకునేవారు. ఒకరి జాబితాలో ఉన్న పేరు ఇంకొకరి జాబితాలో ఉండేది కాదు. 1973 డిసెంబరులో పీటర్ డాయిచ్ అనే ఆయన, ఇంతమంది ఇన్ని జాబితాలు రాసుకోవడం అర్థంలేని పని, సమాచార కేంద్రమే ఒక అధికారిక జాబితా ఉంచితే సరిపోతుందని రాశాడు. మూడు నెలలు తిరగకుండా, 1974 మార్చికల్లా, ఆ ఏర్పాటు జరిగిపోయింది. కొత్త కంప్యూటరు పెట్టినవారు కేంద్రానికి తెలియజేస్తే అక్కడివాళ్ళు జాబితాలో చేర్చేవారు. మిగతావారంతా ఆ జాబితాను తెచ్చుకుని తమ కంప్యూటర్లలో పెట్టుకునేవారు.

మన పల్లెటూళ్ళలో కరణం గుర్తున్నాడు కదా, తెలంగాణాలో పట్వారీ అనేవారు. ఏ సర్వే నంబరు ఎవరిదో ఆయన పుస్తకంలో ఉంటేనే ఉన్నట్టు. పుస్తకంలో లేని పొలం పొలమే కాదు. సమాచార కేంద్రం నెట్‌వర్కు లోకానికి అటువంటి కరణం. కాకపోతే మన కరణాల్లో మంచివాళ్ళతోపాటు కలం పోటుతో కాపురాలు కూల్చినవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ ఆ బాధ లేకపోయింది. పేరు రాసినందుకు రూపాయి తీసుకునేవారు కారు. పేరుకు వెల ఉంటుందన్న ఊహే అప్పటికి ఎవరికీ రాలేదు.

అయితే ఊరు పెరిగింది. 1983 ఆగస్టులో 562 కంప్యూటర్లు. మరుసటి ఏడాది అక్టోబరుకు 1,024. 1987 చివరికి 28 వేలు దాటాయి. ఒక్క పుస్తకంలో ఇన్ని పేర్లు రాయడం, దానిని అందరూ మాటిమాటికీ తెచ్చుకోవడం కుదరని పని. దీనికి ఉపాయం 1983 నవంబరులో పాల్ మొకాపెట్రిస్ చెప్పాడు. పుస్తకాన్ని ముక్కలు చేసి పంచేద్దాం, ఎవరి పేటలోని పేర్లు ఆ పేటవారే రాసుకుంటారు, పైనున్నవారు ఏ పేటకు ఎవరు బాధ్యులో మాత్రం గుర్తుపెట్టుకుంటే చాలు అన్నాడు. 1984 అక్టోబరులో ఆ పేటల పేర్లు ఖాయమయ్యాయి. వ్యాపారాలకు కామ్, చదువులకు ఎడ్యు వగైరాలతోపాటు, ఒక్కో దేశానికి రెండేసి అక్షరాలు. కాకతాళీయంగా అదే 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో రామారావుగారి ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దుచేసింది. అక్కడ వంశపారంపర్యపు పుస్తకం పోయింది, ఇక్కడ ఒకే చేతిలో ఉన్న పుస్తకం పదిచేతుల్లోకి వచ్చింది.

దేశాల పేర్లను పంచిపెట్టే పని దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీలో జాన్ పోస్టెల్ అనే ఆయన చేతిలో ఉండేది. ఆయన చూసిందల్లా ఒకటే: ఆ దేశంలో ఈ బరువు నమ్మకంగా మోసే మనిషి ఎవరు?

కెనడాకు ఆ మనిషి మన ఊళ్ళో దొరికాడు. 1980ల తొలి సంవత్సరాల్లోనే బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ కంప్యూటరు సైన్సు శాఖలో ఇ.ఎ.ఎన్. అనే ఎలక్ట్రానిక్ ఉత్తరాల పద్ధతిని తయారుచేశారు. దాని మీద సి.డి.ఎన్.నెట్ అనే పరిశోధకుల నెట్‌వర్కు నడిచింది. అందులోని చిరునామాలు సి.డి.ఎన్. అనే అక్షరాలతో ముగిసేవి. ఆ శాఖలో కంప్యూటర్ల నిర్వహణ చూసే జాన్ డెమ్కోకు 1987 మే నెలలో పోస్టెల్ డాట్ సి.ఎ. అనే కెనడా పేటను అప్పగించాడు. పార్లమెంటు చట్టం లేదు, టెండరు లేదు, ప్రారంభోత్సవం లేదు. ఒక దేశపు చిరునామాల పుస్తకం, ఉన్న ఉద్యోగానికి అదనపు పనిగా ఒక మనిషి బల్ల మీదికి వచ్చింది.

డెమ్కో ఒంటరిగా కూర్చోలేదు. దేశం నలుమూలల నుంచి జీతంలేని కార్యకర్తలతో ఒక కమిటీ ఏర్పడింది. పేరు కావలసినవారు తామెవరో, ఏం చేస్తారో దరఖాస్తు రాయాలి. కమిటీ చూసి సరే అంటే పేరు పుస్తకంలో పడుతుంది. 1988 జనవరి 12న మొట్టమొదటి పేరు ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ యూనివర్సిటీకి దక్కింది. పశ్చిమ తీరాన పుస్తకం, తూర్పు తీరాన మొదటి పేరు!

నియమాలు కట్టుదిట్టంగా ఉండేవి. ఒక సంస్థకు ఒకే పేరు. ఒకటికి మించిన రాష్ట్రాల్లో పనిచేసే సంస్థకైతే నేరుగా సి.ఎ. కింద చోటు. ఒక్క రాష్ట్రానిదైతే రాష్ట్రం పేరు తోక తగిలించుకోవాలి. ఒక్క ఊరిదైతే ఊరి పేరు, రాష్ట్రం పేరు, ఆపైన దేశం పేరు. అంటే మన మెయిన్ స్ట్రీట్‌లో ఒక చీరల కొట్టు చిరునామా కావాలంటే, కొట్టు పేరు, తర్వాత వాంకూవర్, తర్వాత బి.సి., చివర సి.ఎ. మన ఇంటిపేరూ ఊరిపేరూ కలిపి చెప్పుకున్నట్టు ఎవరు ఎక్కడివారో పేరులోనే తెలిసేది. డబ్బు మాత్రం అడిగేవారు కారు.

ఇందులో కష్టమూ లేకపోలేదు. 1990ల మధ్యకు వ్యాపారాలన్నీ ఎగబడ్డాయి. అంత పొడుగు పేరు ఎవరికి నచ్చుతుంది? పైగా కార్యకర్తలు తమ సొంత పనులు ముగించుకుని దరఖాస్తులు చూడాలి కనుక ఆలస్యం తప్పేది కాదు. విసిగిన కెనడా వ్యాపారులు ఎందరో అమెరికా నడిపే డాట్ కామ్ వైపు పోయారు. అక్కడా కాలం మారింది. మెన్లో పార్కు కేంద్రం చేతినుంచి ఈ పని 1991లో తప్పుకుంది. 1995 సెప్టెంబరు నుంచి పేరుకు రెండేళ్ళకు నూరు డాలర్ల రుసుము పెట్టారు. పేరు సరుకైంది.

1997లో హాలిఫాక్స్‌లో జరిగిన కెనడా నెట్‌వర్కుల మహాసభలో, పాత పద్ధతి మారాలని తీర్మానించుకున్నారు. లాభాపేక్ష లేని ఒక సంస్థను నెలకొల్పి, 2000 డిసెంబరు 1న పుస్తకాన్ని దానికి అప్పగించారు. అది ఒట్టావాలో ఉంది. మనం పేరు కొనుక్కునేది మాత్రం నడుమనున్న కంపెనీల దగ్గర. 2008 ఏప్రిల్‌కు పది లక్షలవ పేరు నమోదైంది. పదమూడేళ్ళు మన ఊళ్ళో ఉన్న పుస్తకం అలా సాగనంపబడింది.

మన దేశంలోనూ ఇంచుమించు ఇదే కథ. 1989లో డాట్ ఇన్ అనే పేట బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ కేంద్రానికి దక్కింది. విద్యాసంస్థల నెట్‌వర్కు ఎర్నెట్ పేరు చాలాకాలం యూనివర్సిటీల చిరునామాల్లో కనిపించేది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి రాసిన ఉత్తరాలు యు.ఒ.హైడ్ డాట్ ఎర్నెట్ డాట్ ఇన్ అని వెళ్ళిన రోజులు మనలో కొందరికి గుర్తుండాలి. అక్కడా కట్టుదిట్టమైన నియమాలు, కొద్ది పేర్లు. 2005 జనవరిలో తలుపులు తెరిచారు. 2011లో తెలుగు లిపిలోనే 'భారత్' అనే పేటకు కూడా ప్రపంచ జాబితాలో చోటు దొరికింది. పేరు రాసుకునే హక్కు మన అక్షరాలకూ వచ్చింది.

పాతకాలమే బంగారమని నేననను. నాలుగు వందల కంప్యూటర్లకు పనికొచ్చిన పద్ధతి నలభై లక్షల పేర్లకు పనికిరాదు. కానీ పోస్టెల్ 1994లో రాసిపెట్టిన ఒక సూత్రం మరువరానిది. పేట చేతికొచ్చినవాడు దానికి యజమాని కాడు, ధర్మకర్త మాత్రమే. తన హక్కు గురించి కాక తను చెయ్యవలసిన సేవ గురించి ఆలోచించాలి అన్నది దాని సారం. పోస్టెల్ 1998 అక్టోబరులో కన్నుమూశాడు. గుడి మాన్యాల సంగతి ఎరిగిన మనకు ధర్మకర్త అన్న మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

నాకు తెలిసిన ఒక చిన్న తెలుగు బృందం కొన్నేళ్ళక్రితం ఒక పేరు కొనుక్కుంది. ఉత్సాహవంతుడైన కుర్రవాడొకడు తన క్రెడిట్ కార్డుతో కట్టాడు. తర్వాత అతను ఉద్యోగరీత్యా వేరే ఊరు వెళ్ళిపోయాడు. గడువు తీరబోతోందని వచ్చిన హెచ్చరికలు అతని పాత చిరునామాకు పోయాయి. మేము చూసుకునేసరికి ఆ పేరు ఇంకెవరి పాలో అయింది. అందులో మేము పెట్టిన ఫొటోలు, పిల్లల నాటకాల వివరాలు వెతికినవారికి దొరకలేదు. ఫోను చేస్తే యంత్రం పలికి, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంది. తప్పు ఎవరిదీ కాదు, మాదే. పుస్తకంలో పేరుంది గాని, ఆ పేరుకు పూచీపడ్డ మనిషి లేడు.

అందుకని సంఘాలు నడిపేవారికి ఒక మనవి. మీ సంఘం పేరు ఎవరి పేరున నమోదైందో, గడువు ఎప్పుడు తీరుతుందో ఇవాళే చూసుకోండి. ఒకరి పేరు కాక ఇద్దరి పేర్లు ఇవ్వండి. ఆ వివరాలు మినిట్సు పుస్తకంలో రాసి, కార్యదర్శి మారినప్పుడు లెక్కలతోపాటు అప్పగించండి. ఇంకొకటి కూడా. కొత్తగా ఊళ్ళో దిగినవారు ఫోను చేస్తే, పేరు రాసుకుని ఊరుకోకండి. చింతపండు ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి.