గుర్రం దొరికింది, సైసు ఏడీ?

పోనీ అని తెలుగులో రాస్తే 'పోనీలే' అన్నట్టు వినిపిస్తుంది. ఢిల్లీ చుట్టుపక్కల పిల్లల ముచ్చట తీర్చడానికి పోనీ గుర్రం కొన్న తల్లిదండ్రులు కొందరు ఏడాది తిరక్కుండానే ఆ మాట అనేస్తారు. కొనడం పెద్ద కష్టం కాదు. గురుగ్రామ్, నోయిడా శివార్లలో ఫామ్‌హౌసులున్నాయి, రైడింగ్ స్కూళ్ళున్నాయి. కార్తీక పున్నమికి గఢ్‌ముక్తేశ్వర్‌లో గంగ ఒడ్డున జరిగే మేళాలో గుర్రాలు, కంచర గాడిదలు చేతులు మారుతుంటాయి. కష్టమంతా మర్నాటి పొద్దున్నించి మొదలవుతుంది. తెల్లవారకముందే లేచి లాయం ఊడ్చి, మాలీసు చేసి, దాణా పెట్టేదెవరు? ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కి లాడాలు మార్చేదెవరు? అర్ధరాత్రి కడుపునొప్పితో గుర్రం నేల మీద పొర్లుతుంటే ఫోన్ ఎత్తే డాక్టర్ ఎవరు?

భుజం దగ్గర కొలిస్తే సుమారు 147 సెంటీమీటర్లు మించని గుర్రాన్ని పోనీ అంటారు. ఎత్తు తగ్గింది కదా అని చాకిరీ తగ్గదు. గుర్రం వాంతి చేసుకోలేని జంతువు. తిన్నది వికటిస్తే బయటికి వచ్చే దారే లేదు. కొత్తగా చేరిన కుర్రాడు ప్రేమకొద్దీ నాలుగు దోసిళ్ళు ఎక్కువ గింజలు పోసినా ప్రాణం మీదికి రావచ్చు. అందుకే 'మనిషి దొరకడం లేదు' అన్న మాటకి కుక్కల్నీ పిల్లుల్నీ పెంచేవాళ్ళ ఇళ్ళలో కంటే గుర్రమున్న ఇంట్లో బరువెక్కువ. ఈ సణుగుడు నిన్నమొన్నటిది కూడా కాదు. ఏడు వందల ఏళ్ళ కిందటి రాతల్లోనే వినిపిస్తుంది.

13వ శతాబ్దం చివర్లో దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో మోటుపల్లి గురించీ, దాన్నేలే రాణి గురించీ రాశాడని మనకి తెలుసు. ఆ రాణి రుద్రమదేవేనని చరిత్రకారుల మాట. అతనే తమిళ తీరపు రాజుల గుర్రాల పిచ్చి గురించి కూడా రాశాడు. ఒక్కో రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటాడనీ, ఏడాది చివరికి వాటిలో వందైనా మిగలవనీ అతని లెక్క. కారణం సూటిగా చెప్పాడు: సాకడం తెలిసినవాళ్ళు లేరు. వండిన అన్నం, మాంసం పెట్టేవారట. అంతకంటే గమ్మత్తైన సంగతి ఇంకొకటుంది. హోర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి గుర్రాలు తెచ్చే వర్తకులు గుర్రపు వైద్యుణ్ణి మాత్రం ఓడెక్కనిచ్చేవారు కారట. పాత సరుకు చస్తేనే కదా కొత్త సరుకు అమ్ముడుపోయేది! మార్కో పోలో లెక్కల్ని కొంత తగ్గించుకునే చదవాలి. అయినా వర్తకుడి ఎత్తుగడ మాత్రం నమ్మేట్టుగానే ఉంది.

శాస్త్రం లేక వచ్చిన కష్టం కాదిది. శాలిహోత్రుడి పేరున సంస్కృతంలో అశ్వశాస్త్రం ఎప్పటి నుంచో ఉంది. మన మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యగ్రంథమే రాశాడు. సుడులు, రంగులు, పళ్ళు, వయసు అన్నీ పద్యాల్లోకి ఎక్కాయి. కానీ పద్యం వచ్చినవాడు వేరు, తెల్లవారుజామున గుర్రం వెనక్కాళ్ళ దగ్గర చీపురు పట్టుకుని నిలబడేవాడు వేరు.

మార్కో పోలో వచ్చి వెళ్ళిన కాలానికి దగ్గర్లోనే ఢిల్లీలో అలావుద్దీన్ ఖిల్జీ (1296–1316) ఇంకో రకం తలనొప్పితో ఉన్నాడు. సైనికుడు మంచి గుర్రానికి జీతం పుచ్చుకుని, హాజరు వేళకి ఏదో ఒక టట్టుని తెచ్చి నిలబెట్టేవాడు. దానికి మందుగా సుల్తాను గుర్రాలకి వాత ముద్ర వేయించాడు. తరవాత సంత మీద పడి ధరలు కట్టాడు. జియావుద్దీన్ బరనీ రాసిన చరిత్రలో ఆ ధరలు వివరంగా ఉన్నాయి: మేలురకం గుర్రం 100 నుంచి 120 తంకాలు, రెండో రకం 80 నుంచి 90, మూడో రకం 65 నుంచి 70, నాటు టట్టు 10 నుంచి 25. సుల్తాను కోపమంతా దళారుల మీద. అమ్మేవాడి దగ్గరా కొనేవాడి దగ్గరా తినే ఆ పెద్దమనుషుల్ని నగరం నుంచి వెళ్ళగొట్టాడు, ముఖ్యుల్ని దూరపు కోటల్లో పెట్టించాడు. ఢిల్లీలో గుర్రాల వ్యవహారంలో నమ్మదగిన మనిషి కోసం ఒక ప్రభుత్వం చేసిన ప్రయత్నాల్లో ఇంత కటువైనది మళ్ళీ కనబడదు.

అక్బరు దారి వేరు. అబుల్ ఫజల్ 'ఐన్-ఇ-అక్బరీ'లో గుర్రపుశాల పేజీలు ఇప్పుడు చదివినా ఓ పెద్ద ఆఫీసు సిబ్బంది జాబితా చదివినట్టే ఉంటుంది. పాదుషా లాయాల్లో ఎప్పుడూ 12,000 గుర్రాలుండేవట. పైన ఆత్‌బేగీ, కింద దారోగా, లెక్కలు రాసే ముష్రిఫ్, గుర్రమెక్కి దాని వేగం చూసే చాబుక్‌సవార్, వైద్యం చేసే బైతార్, లాడాలు కొట్టే నాల్‌బంద్, నీళ్ళు మోసే ఆబ్‌కష్, పేడ ఎత్తే ఖాక్‌రోబ్. దిష్టి తగలకుండా ఒక రకం గింజలు నిప్పుల మీద చల్లి పొగ వేయడానికి సిపంద్‌సోజ్ అని ప్రత్యేకంగా ఓ ఉద్యోగి! మన ఇళ్ళలో సాయంత్రం పూట ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసే నాయనమ్మకి మొగలు కొలువులో నెలజీతం ఉండేదన్నమాట.

రెండు గుర్రాలకి ఒక సైసు, అంటే గుర్రాన్ని సాకేవాడు. నలభై గుర్రాల లాయంలో అతని జీతం నెలకి 170 దాములు, అంటే 40 దాముల రూపాయి లెక్కన నాలుగు రూపాయల పావలా. నమ్మకం కుదరడానికి జరిమానా పద్ధతి పెట్టారు. పాదుషా సొంత గుర్రం చచ్చిపోతే దాని ఖరీదులో ప్రతి మొహరుకీ దారోగా ఒక రూపాయి, సైసుల మీద పెద్దైన మీర్దహా పది దాములు కట్టాలి. సైసులకి జీతంలో నాలుగో వంతు కోత. గుర్రం జబ్బుతో పోయిందా, అశ్రద్ధతో పోయిందా అన్న మీమాంస పెద్దగా ఉన్నట్టు లేదు. ఇవాళ్టి యజమాని ఇలాంటి షరతు పెడితే సైసు ఆ సాయంత్రమే సంచి సర్దుకుంటాడు.

ఒంటరి మనిషి గుర్రాన్ని ఉంచుకోవడం ఎలా ఉండేదో ఫ్రెంచి వైద్యుడు ఫ్రాన్స్వా బెర్నియే చెప్పాడు. 1664 డిసెంబరులో ఔరంగజేబు పరివారంతో ఢిల్లీ నుంచి కాశ్మీరం దారి పట్టినప్పుడు తన బలగాన్ని లెక్కరాశాడు: రెండు తుర్కొమాన్ గుర్రాలు, ఒక ఒంటె, దాన్ని తోలేవాడు, గుర్రాలకి ఒక సైసు, ఒక వంటవాడు, దేశాచారం ప్రకారం నీళ్ళ కూజాతో గుర్రానికి ముందు నడవడానికి ఒక నౌకరు. ఇది దండు వైభవం కాదు. కొలువులో ఒక మామూలు జీతగాడి ఇంటి లెక్క.

శాలిహోత్రుడి పేరు కూడా ఈ మధ్యలో దేశాటన చేసింది. షాజహాను కాలంలో అబ్దుల్లా ఖాన్ ఫిరోజ్ జంగ్ ఆ శాస్త్రాన్ని పారసీలోకి తెచ్చాడు. 1788లో జోసెఫ్ ఎర్ల్స్ దాన్ని కలకత్తాలో ఇంగ్లీషులో అచ్చువేశాడు. వీధిలో మాత్రం ఆ రుషి పేరు అరిగి అరిగి 'సాలూత్రీ' అయింది, గుర్రాల నాటువైద్యుడికి పేరుగా నిలిచింది. పేరు రుషిది, మందు మాత్రం ఆ సాలూత్రీ చేతివాటాన్ని బట్టి.

ఇంగ్లీషువాళ్ళ కాలానికి వచ్చేసరికి ఫిర్యాదులు పుస్తకాలకెక్కాయి. గుర్రానికొక సైసు, అతనికి తోడు గడ్డి కోసేవాడు ఒకడు అన్నది స్థిరపడిన వాడుక. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు సైసుకి బెంగాల్లో ఒక పేరు, మద్రాసులో ఒకటి, బొంబాయిలో ఇంకొకటి ఉండేవని చెబుతుంది. దొరసానులకి ఇల్లు నడిపే తీరు నేర్పే పుస్తకాల్లో సైసు అంటే శనగలు కాజేసేవాడనే అనుమానం నిలువెల్లా కనిపిస్తుంది. దాణాని ఎదురుగా నిలబడి తినిపించమని సలహా. మన వైపు గుర్రానికి ఉలవ గుగ్గిళ్ళు, ఉత్తరాదిలో శనగలు. రెండూ మనిషి తినేవే. పిల్లలున్న ఇంటికి గుప్పెడు శనగలు వెళ్ళి ఉంటే ఆశ్చర్యమేముంది? ఈ చరిత్రంతా రాసింది జీను మీద కూర్చున్నవాళ్ళే. బండికి ముందు పరిగెత్తిన సైసు యజమాని గురించి ఏమనుకున్నాడో అచ్చు కాలేదు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని మన సామెత. దాణా కలిపేవాడి జీతం మీద అలాంటి సామెత ఏదీ పుట్టలేదు.

సైన్యం మాత్రం ఈ సమస్యని బడి పెట్టి తీర్చుకుంది. నేటి రాష్ట్రపతి అంగరక్షక దళం 1773లో పుట్టింది. రిమౌంట్ వెటర్నరీ కోర్ తన పుట్టుకని 1779 నుంచి లెక్కపెట్టుకుంటుంది. దాని శిక్షణ కేంద్రం మీరట్‌లో ఉంది, సైన్యం గుర్రాలని పెంచే క్షేత్రం హాపుడ్ దగ్గర బాబూగఢ్‌లో ఉంది. రెండూ ఇవాళ్టి రాజధాని ప్రాంతంలోవే. మంచి చేతివాటం ఉన్న సైసు, లాడాలవాడు కావాలంటే మీరట్ నుంచి పింఛను పుచ్చుకున్నవాడెవరైనా ఉన్నాడేమో కనుక్కోమని గుర్రాల యజమానులు ఒకరికొకరు చెప్పుకోవడం అందుకే.

మామూలు జనానికి ఆ సౌకర్యం వేరే దారిన వచ్చింది. పాత ఢిల్లీ రైల్వే స్టేషను, సదర్ బజారు చుట్టూ టాంగాలు తిరిగినన్నాళ్ళూ గుర్రం చుట్టూ అల్లుకున్న పనులన్నీ ఒకే వాడలో ఉండేవి. మనకి జట్కా స్టాండు దగ్గర కొలిమి ఎలా ఉండేదో అక్కడ టాంగా అడ్డా దగ్గర నాల్‌బంద్ అలా కూర్చునేవాడు. పక్కన జీను కుట్టేవాడు, గడ్డి మోపులు అమ్మేవాడు. ఒకడు రాకపోతే ఇంకొకడు ఉండేవాడు. ఏ సుల్తాను శాసనం వల్లా కాని పని గుర్రాల సంఖ్య వల్ల అయింది. 2010లో, కామన్‌వెల్త్ క్రీడల ఏడాది, నగరపాలక సంస్థ టాంగాలని వీధుల నుంచి తప్పించింది. లైసెన్సున్నవి అప్పటికే కొన్ని వందలకి దిగిపోయాయి. పోయినవి బళ్ళు మాత్రమే అనుకున్నారు. బళ్ళతోపాటు ఆ అడ్డాల కొలుములూ చల్లారాయి.

దేశమంతటా అదే దారి. 2012 పశుగణనలో గుర్రాలు, పోనీలు కలిపి ఆరు లక్షల పైచిలుకు. 2019కి 3.4 లక్షలు. ఏడేళ్ళలో 45 శాతానికి పైగా తగ్గాయి. గుర్రం తగ్గితే దాని మీద బతికే చేతిపని తగ్గుతుంది. అప్పుడు మిగిలిన ఒక్క పోనీకి ఒక్క నాల్‌బంద్ కావాలంటే ముప్పై కిలోమీటర్ల దూరానికి ఫోన్ చేయాలి. అక్బరు లాయంలో పన్నెండు వేల గుర్రాలకి ఏయే పనులవాళ్ళు కావాలో ఫామ్‌హౌసులో ఒక్కదానికీ దాదాపు వాళ్ళంతా కావాలి, ఆ దిష్టి పొగవాడు తప్ప.

ఉన్న పోనీల్లో ఎక్కువ భాగం ఫామ్‌హౌసువి కావు కూడా. ఘాజియాబాద్, బులంద్‌శహర్, బాగ్‌పత్ వైపు ఇటుక బట్టీల్లో పచ్చి ఇటుక మోసేవి, పెళ్ళికొడుకుని ఊరేగించే తెల్ల గుర్రాలు. వాటి యజమానికి సైసు అక్కర్లేదు, అతనే సైసు. అతనికి కావలసింది డాక్టరు, లాడాలవాడు. డోరతీ బ్రూక్ అనే ఇంగ్లీషు మహిళ 1934లో కైరోలో ముసలి యుద్ధాశ్వాల కోసం తెరిచిన ఆసుపత్రి నుంచి పెరిగిన బ్రూక్ సంస్థ 1992లో ఢిల్లీలో పని మొదలుపెట్టింది. మొదట్లో బండేసుకుని వెళ్ళి తామే వైద్యం చేసేవారు. తరవాత్తరవాత ఊళ్ళోని నాల్‌బందులకీ నాటువైద్యులకీ తర్ఫీదు ఇవ్వడం, యజమానుల్ని సంఘాలుగా కూర్చడం మీదికి మళ్ళారు. ఆలోచిస్తే పాత టాంగా అడ్డాని మళ్ళీ కట్టే ప్రయత్నమే అది.

మంచి చెయ్యి ఎందుకు కావాలో 2018 మొదట్లో ఢిల్లీ చూసింది. మనిషికీ అంటుకునే గ్లాండర్స్ జబ్బు నగరంలోని గుర్రాల్లో బయటపడింది, వాటి రాకపోకలకి కట్టడి పెట్టారు. నెత్తురు నమూనా వెళ్ళాల్సింది హర్యానాలోని హిసార్‌కి. 1985లో పెట్టిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం అక్కడుంది. రోగం నిజమని తేలితే మందు లేదు, జంతువుని చంపాల్సిందే. ముక్కు కారడాన్ని, చర్మం మీద పుండ్లని మొదటి రోజే గమనించేది డాక్టరు కాదు, రోజూ మాలీసు చేసే మనిషి.

ఇప్పటి యజమానులు పట్టిన దారులు కొన్ని ఉన్నాయి. పోనీని రైడింగ్ స్కూల్లోనే నెలవారీ కిరాయికి ఉంచేస్తారు కొందరు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక సైసుని పంచుకుంటారు. లాయంలో కెమెరా పెట్టి ఆఫీసులోంచి చూసేవారూ ఉన్నారు, దొరసాని ఎదుట దాణా తినిపించడానికి ఇది కొత్త రూపు. సైసు తరఫు మాట కూడా ఉంది. అతను రాజస్థాన్ నుంచో బీహారు నుంచో వచ్చినవాడు. ఛఠ్ పండక్కి ఊరెళ్తే పది రోజులు రాడు, గుర్రానికి ఆదివారం సెలవు లేదు గనక అతనికీ లేదు. నివాసం లాయం పక్క గది. పక్క ఫామ్‌హౌసు వెయ్యి ఎక్కువిస్తానంటే వెళ్ళిపోతాడు.

మూడు ఫోన్లు చేశాక నాల్‌బంద్ మోటారు సైకిల్ మీద దిగుతాడు. గోతాంలో చిన్న దాగలి, సుత్తి, పటకారు, ఆకురాయి, రకరకాల సైజుల లాడాలు. గుర్రం ముందుకాలు ఎత్తి మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటాడు. పాత మేకులు లాగేసి, పెరిగిన గిట్టని కత్తితో పొరలు పొరలుగా చెక్కి, ఆకురాయితో చదును చేస్తాడు. లాడం ఆనించి చూస్తాడు, తీస్తాడు, దాగలి మీద రెండు దెబ్బలు వేసి మళ్ళీ ఆనిస్తాడు. మేకు గిట్ట గోడలోంచి బయటికి పొడుచుకురావాలి. వెంట్రుకవాసి లోపలికి పోతే మర్నాటికి గుర్రం కుంటుతుంది. సైసు గుర్రం మెడ నిమురుతూ ఏదో చెబుతూ ఉంటాడు. నాలుగు కాళ్ళూ అయ్యాక డబ్బు లెక్కపెట్టుకుని, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పి నాల్‌బంద్ బండి తీస్తాడు. ఆ తారీఖుని లాయం గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకోవడం సైసు పద్ధతి. సైసు మారితే కొత్తవాడికి ఆ గీతల లెక్క తెలియదు.